కళ్ళజోడులో రోమ్, తెరపై తద్మూర్

రోమ్ నగరంలో కొలోసియానికి ఎదురుగా ఓపియన్ అనే చిన్న గుట్ట ఉన్నది. గుట్టపైన తోట, చెట్ల నీడన బెంచీలు, బంతి ఆడుకునే పిల్లలు. వారి కాళ్ళ క్రింద, మట్టిలో ఒక చక్రవర్తి సౌధం ఉన్నదని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. క్రీ.శ. 64లో రోమ్‌ను దహించిన మంటలు చల్లారిన తరువాత, ఖాళీ అయిన స్థలాన్ని కలుపుకొని నీరో చక్రవర్తి ఈ ‘స్వర్ణ సౌధాన్ని’ కట్టించాడు. దాని అసలు పేరు దోముస్ ఔరియా. నాలుగేళ్ళకే అతని పాలన, ప్రాణం రెండూ పోయాయి. సౌధం ముంగిట అతడు త్రవ్వించిన సరస్సును తరువాతి పాలకుడు వెస్పేషియన్ ఎండగట్టించి అక్కడే కొలోసియం పని మొదలుపెట్టాడు. రెండవ శతాబ్దం ఆరంభంలో ట్రాజన్ చక్రవర్తి మనుషులు సౌధపు గదులను పైకప్పుల దాకా మట్టితో పూడ్చి, వాటినే పునాదిగా చేసుకొని పైన విశాలమైన స్నానశాలలు నిర్మించారు.

ఇప్పుడు ఆ మట్టిని చాలావరకు తోడివేశారు. లోపలికి వెళ్ళేవారి తలకు గట్టి టోపీ పెడతారు. ఎందుకంటే 2010లో పైభాగంలో కొంత కూలిపోయింది. ఎండాకాలంలోనూ అక్కడ చలి. మేము శాలువాలు తెచ్చుకొని మంచి పని చేశాము. పది మీటర్లకు పైబడిన ఎత్తున ఎర్రటి ఇటుక గోడలు, చెమ్మ, బావిలోకి దిగినట్టు చీకటి. ఎక్కడో పైకప్పు మూలన చెరిగిపోయిన రంగు మరక. నిజం చెప్పాలంటే ఒక గంట నడిచిన తరువాత మాకు అన్ని గదులూ ఒకేలా తోచాయి. ఇందులో బంగారం ఎక్కడున్నది, సౌధం ఎక్కడున్నది అనిపించింది.

అప్పుడు ఒక గదిలో కూర్చోబెట్టి కళ్ళకు వీఆర్ పరికరం తగిలించారు. 2017 నుండి ఈ ఏర్పాటు ఉన్నది. ఆ గదిని ‘స్వర్ణ కప్పు గది’ అంటారు. కళ్ళజోడు పెట్టుకోగానే మట్టి కరిగిపోయింది, ఇటుకల మీదికి పాలరాయి పలకలు వచ్చి చేరాయి, పైకప్పు మెరిసింది. ఎదుటి గోడ తొలగి స్తంభాల వరుస, దాని అవతల ఎండలో తడిసిన ఉద్యానవనం కనిపించాయి. మా ఇంటి పెద్దావిడ ‘సుబ్‌హానల్లాహ్’ అన్నారు. మేము కూడా కాసేపు మాట్లాడలేకపోయాము. ఆ గదులు గుహలు కావనీ, అవి పగటి వెలుతురు కోసం కట్టినవనీ, చీకటి తరువాత వచ్చి చేరిందనీ అప్పటిదాకా ఎంత చదివినా మాకు అర్థం కాలేదు. కళ్ళజోడు ఒక్క నిమిషంలో చెప్పింది.

మాతో వచ్చిన పదేళ్ళ బాలుడు కళ్ళజోడు తీసిన వెంటనే గోడను చేత్తో తడిమి, “ఆ పాలరాయి ఏమయింది?” అని అడిగాడు. మంచి ప్రశ్న. దానికి ఖచ్చితమైన సమాధానమే ఉన్నది: మట్టి పోయకముందే విలువైన రాళ్ళను ఊడదీసి తీసుకుపోయారు. కానీ ఆ ప్రశ్న వెనుకనే ఇంకొకటి వస్తుంది. రాయి లేనప్పుడు, రంగు లేనప్పుడు, ఈ బొమ్మ గీసినవారికి అది అలా ఉండేదని ఎలా తెలిసింది?

ఈ గది విషయంలో కొంత తెలిసింది. 15వ శతాబ్దపు చివరలో గుట్టమీది కన్నాల గుండా చిత్రకారులు తాళ్ళు పట్టుకొని లోపలికి దిగేవారు. మట్టి అప్పటికింకా నిండుగా ఉన్నది గనుక పైకప్పు వారి ముఖాలకు చేరువగా ఉండేది. దివిటీ వెలుగులో బొమ్మలను చూసి నకలు చేసుకునేవారు. కొందరు తమ పేర్లనూ గోకి వెళ్ళారు. తరువాతి శతాబ్దంలో పోర్చుగల్ చిత్రకారుడు ఫ్రాన్సిస్కో ద హోలాండా ఆ స్వర్ణ కప్పును రంగుల్లో చిత్రించాడు. అసలు కప్పు మీది రంగులు చాలామటుకు రాలిపోయాయి. ఆ కాగితం నిలిచింది. అంటే మనం కళ్ళజోడులో చూసి మురిసే బంగారు కప్పులో కొంత నీరో కాలానిది, కొంత దివిటీ పట్టుకొని పడుకొని గీసిన ఒక మనిషి చేతిది, మిగిలినది నేటి నిపుణుల ఊహ. కళ్ళజోడులో మాత్రం మూడూ ఒకే కాంతితో మెరుస్తాయి. మాకు ఇబ్బందిగా తోచినది ఇదే.

కూలిన రోమ్‌ను మళ్ళీ నిలబెట్టి చూడాలన్న కోరిక కంప్యూటర్లతో పుట్టినది కాదు. ఇటాలో గిస్మోండి అనే వాస్తుశిల్పి నాల్గవ శతాబ్దపు రోమ్ నగరాన్ని 250వ వంతు పరిమాణంలో ప్లాస్టర్‌తో తయారుచేశాడు. వీధివీధినా ఇండ్లు, వంతెనలు, స్నానశాలలు అన్నీ పెట్టాడు. దశాబ్దాల పాటు ఆ నమూనాను పెంచుతూ పోయాడు. అది 1937లో ప్రజల ముందుకు వచ్చింది. ఆ సంవత్సరం ముస్సోలినీ ప్రభుత్వం అగస్టస్ చక్రవర్తి జన్మించి రెండు వేల ఏండ్లయిందని పెద్ద ప్రదర్శన నిర్వహించింది. అదే ప్రభుత్వం అంతకు ఐదేళ్ళ ముందు, కవాతులకు వెడల్పాటి రాజమార్గం కావాలని, ప్రాచీన రోమ్ చౌకులను అడ్డంగా కప్పివేస్తూ రోడ్డు వేసింది. పేదల ఇండ్లు ఎన్నో ఆ రోడ్డు క్రిందికి పోయాయి. ఒక చేత్తో బొమ్మను నిలబెట్టి, మరొక చేత్తో అసలును పూడ్చడం! గిస్మోండి నైపుణ్యాన్ని మేము తక్కువ చేయడం లేదు. అయితే పాత వైభవాన్ని చూపించేవారు దానిని ఎందుకు చూపిస్తున్నారో అడగడం ప్రేక్షకుడి హక్కు అంటున్నాము.

ఈ కథకు కొనసాగింపు ఉన్నది. అమెరికాలో ప్రొఫెసర్ బెర్నార్డ్ ఫ్రిషర్ నాయకత్వంలో 1990వ దశకంలో ‘రోమ్ రీబార్న్’ అనే పని మొదలై, 2007లో తొలి రూపం విడుదలయింది. క్రీ.శ. 320 నాటి నగరమంతా, సుమారు ఏడు వేల కట్టడాలు, కంప్యూటర్‌లో లేచి నిలిచాయి. వాటిలో త్రవ్వకాల ఆధారాలతో వివరంగా గీయగలిగినవి కొన్ని వందలు మాత్రమే. మిగిలిన వేల ఇండ్లకు ఆధారం? గిస్మోండి ప్లాస్టర్ నమూనాను లేజర్‌తో కొలిచి, అందులోంచి తీసుకున్నారు. ఒక తరం వారి ఊహ మరొక తరానికి ఆధారంగా మారింది. ఫ్రిషర్ బృందం ఈ సంగతి దాచలేదు. తెలిసినవాటిని ఒక తరగతిగా, ఊహించినవాటిని మరొక తరగతిగా విడదీసి ప్రకటించింది. వారిని మేము గౌరవించేది అందుకే. ఈ రంగంలోని వారు 2006లో ‘లండన్ చార్టర్’ అనే నియమావళి వ్రాసుకున్నారు: ఏది ఆధారం, ఏది అంచనా, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామన్నది నమోదు చేసి అందరికీ అందుబాటులో ఉంచాలన్నది దాని సారం. మన హదీసు విద్వాంసులు ప్రతి మాట వెనుకా ఎవరు ఎవరి నుండి విన్నారో ఆ వరుసను అడిగేవారు గదా. ఆ వరుసలేని బొమ్మ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టవలసినదే.

ఊహించకుండానే చూపించే పద్ధతి కూడా రోమ్‌లో ఉన్నది. మూడవ శతాబ్దం ఆరంభంలో నగరమంతటి పటాన్ని పాలరాతి పలకలపై చెక్కి ఒక గోడకు బిగించారు. వెడల్పు 18 మీటర్లు, ఎత్తు 13 మీటర్లు. ఈనాడు అందులో పదో వంతు మాత్రమే ముక్కలుగా మిగిలింది. 2024 జనవరిలో తెరిచిన చిన్న మ్యూజియంలో, 18వ శతాబ్దపు రోమ్ పటాన్ని నేలపై పరచి, ఏ ముక్క ఏ వీధిదో సరిగ్గా ఆ చోటనే పెట్టి పైన గాజు వేశారు. సందర్శకులు దానిమీద నడుస్తారు. ముక్క లేనిచోట ఏమీ లేదు. మా పిల్లలకు విసుగు పుట్టింది. మాకు మాత్రం కళ్ళజోడు తరువాత ఆ ఖాళీలు కంటికి హాయిగా అనిపించాయి.

నగరానికి దక్షిణాన కారకల్లా స్నానశాలలు ఉన్నాయి. 216లో ప్రారంభమైనవి. గోడలు ఇప్పటికీ ముప్ఫై మీటర్ల పైచిలుకు ఎత్తున నిలబడి ఉన్నాయి. అక్కడ కూడా 2017 నుండి కళ్ళజోళ్ళు ఇస్తున్నారు. 16వ శతాబ్దంలో త్రవ్వి తీసుకుపోయిన మహా విగ్రహాలు ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉన్నాయి; కళ్ళజోడులో అవి తిరిగి తమ చోటుకు వస్తాయి. నీళ్ళు నిండిన కొలనులు, రంగురాళ్ళ నేల, అంతా కడిగినట్టు శుభ్రం. అయితే ఆ నేల క్రింద కిలోమీటర్ల పొడవున సొరంగాలున్నాయి. అందులో బానిసలు కట్టెలు మోసి కొలిమిలు మండించేవారు. పైన వేల మంది హాయిగా స్నానం చేస్తుంటే క్రింద పొగలో వారు. ఇలాంటి పునర్నిర్మాణాలు అనేకం చూశాము. వాటిలో స్తంభాలకు లెక్క ఉంటుంది, కట్టెలు మోసినవారి ముఖం ఉండదు. రాతికి ఆధారం దొరుకుతుంది, చెమటకు దొరకదు అనవచ్చు. సొరంగాలు ఉన్నాయి గదా, దొరికిన ఆధారమే అది!

కారకల్లా తల్లి జూలియా దోమ్నా సిరియా స్త్రీ. ఆమె ఊరు నేటి హిమ్స్. ఇక ట్రాజన్ చౌకు నిర్మించిన ప్రధాన శిల్పి అపోలోడోరస్ దిమష్క్ వాసి. నీరో సౌధాన్ని పూడ్చిన స్నానశాలలూ ఆయన పనే అంటారు. రోమన్ కట్టడం అనగానే మన మనసు ఇటలీకి పోతుంది గాని, వాటి చరిత్రలో సగం షామ్ దేశానిదే. దిమష్క్‌లోని ఉమయ్యా జామె మస్జిదు ప్రహరీ గోడల్లో రోమన్ల బృహస్పతి ఆలయపు ఆవరణ గోడ నేటికీ ఉన్నది. ఆలయం చర్చి అయి, ఎనిమిదవ శతాబ్దం ఆరంభంలో ఖలీఫా వలీద్ కాలంలో మస్జిదు అయింది. పాత గోడను ఎవరూ పడగొట్టలేదు. దానికి ఆనుకొని నమాజు చేశారు.

దిమష్క్‌కు ఈశాన్యంగా ఎడారిలో తద్మూర్ ఉన్నది. పాశ్చాత్యులు పామైరా అంటారు. అక్కడికి మేము వెళ్ళలేదు. రోమ్ నుండి వచ్చాక తెరమీద చూశాము. అక్కడి బేల్ ఆలయం క్రీ.శ. 32లో అంకితమయింది. అది కూడా చర్చిగా మారింది. 12వ శతాబ్దం నుండి 20వ శతాబ్దపు తొలి దశకాల వరకు మస్జిదుగా ఉండింది. దాని ఆవరణలోనే ఊరు ఉండేది, ఇండ్లుండేవి, పిల్లలుండేవారు. ఫ్రెంచివారి పాలనలో, 1930 ప్రాంతంలో, పురావస్తు పరిశోధన పేరిట ఊరిని ఖాళీ చేయించి, వెలుపల కొత్త పట్నానికి తరలించారు. ‘శుద్ధమైన’ ప్రాచీన ఆలయం మిగిలింది. 2015 ఆగస్టులో ఐసిస్ ముష్కరులు దానిని విగ్రహారాధకుల గుడి అంటూ పేల్చివేశారు. ఎనిమిది వందల ఏండ్లు ముస్లిములు సజ్దా చేసిన కప్పు అది.

ఆ పేలుడుకు కొద్దిరోజుల ముందే ఖాలిద్ అల్ అస్అద్‌ను నడివీధిలో చంపారు. ఎనభై దాటిన వయసు. నలభై ఏండ్లు తద్మూర్ పురావస్తు విభాగానికి అధిపతి. దాచిన వస్తువులు ఎక్కడున్నాయో చెప్పమంటే చెప్పలేదు. బాసిల్ ఖర్తబీల్ అనే యువ కంప్యూటర్ నిపుణుడి కథ మరొకటి. యుద్ధానికి కొన్నేళ్ళ ముందు నుండే అతడు తద్మూర్ కట్టడాల త్రీడీ నమూనాలు తయారుచేస్తూ వచ్చాడు. 2012 మార్చిలో సిరియా ప్రభుత్వం అతణ్ణి నిర్బంధించింది. 2015 అక్టోబరులో జైలు నుండి తరలించారు. అదే సంవత్సరం మరణశిక్ష అమలు చేశారని భార్యకు తెలిసింది 2017లో. ఒకరిని ఐసిస్, మరొకరిని ప్రభుత్వం. అతని మిత్రులు ‘న్యూ పామైరా’ పేరుతో అతని పనిని అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టారు.

తద్మూర్‌లోనే, కారకల్లా తండ్రి సెవరస్ కాలంలో కట్టిన కమానును 2015 అక్టోబరులో పేల్చివేశారు. ఆరు నెలలకు లండన్ ట్రఫాల్గర్ చౌకులో దాని నకలు నిలిచింది: ఫొటోల ఆధారంగా కంప్యూటర్ లెక్కవేయగా, యంత్రాలు ఈజిప్టు పాలరాతిలో మూడింట రెండు వంతుల పరిమాణంలో చెక్కాయి. తరువాత న్యూయార్క్, దుబాయ్ నగరాలకూ తిప్పారు. నాయకులు ఫొటోలు దిగారు. ఆ సమయానికి తద్మూర్ పట్నపు ప్రజలు శిబిరాల్లో ఉన్నారు. ఆ నకలు నున్నగా ఉన్నదని, అసలు కమాను మీది శిల్పపు సొంపు అందులో లేదని నిపుణులు విమర్శించారు. మాకైతే ఆ రాయి కన్నా బాసిల్ నమూనాలే విలువైనవిగా తోచాయి. అవి ఎవరి చౌకునూ అలంకరించడం లేదు, కొలతలను కాపాడుతున్నాయి.

తద్మూర్‌కు కొలతలు పుష్కలంగా ఉన్నాయి. 1751లో రాబర్ట్ వుడ్ బృందం గీసిన చిత్రాలు, 1753లో అచ్చయిన గ్రంథం, ఆ తరువాతి యాత్రికుల ఫొటోలు. ఊరు ఖాళీ కాకముందు తీసిన ఫొటోల్లో ఆలయ ఆవరణలో మట్టి ఇండ్లు, స్తంభాల నడుమ సందులు కనిపిస్తాయి. పునర్నిర్మాతలు సాధారణంగా రోమన్ కాలాన్నే ఎన్నుకుంటారు. రోమ్‌కు 320, తద్మూర్‌కు దాని వైభవం నాటి ఏదో ఒక తేదీ. దిమష్క్, హిమ్స్, బైరూత్ విశ్వవిద్యాలయాల్లో ఈ విద్య నేర్చుకుంటున్న యువతకు మా విన్నపం: ఆ నమూనాలో గడియారాన్ని కొంచెం ముందుకు జరిపి, 1900 సంవత్సరం దగ్గర ఆపండి. బేల్ ఆలయం మస్జిదుగా ఉండగా, దక్షిణపు గోడలో మిహ్రాబు, వెలుపల ఆవరణలో ఇండ్లు, బావి దగ్గర ఆడవారు. దానికి కావలసిన ఫొటోలు ఉన్నాయి. పేలుడు తరువాత కూడా ఆ భవనపు ఎత్తయిన ప్రవేశద్వారం కూలలేదు; కొలవడం అక్కడి నుండే మొదలుపెట్టవచ్చు.