ముందు చెప్పవలసిన మాట

భద్రాచలము వద్ద గోదావరి వరదకు మూడు అంకెలు ప్రమాణములు. నీటిమట్టము 43 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవ దానిని, 53 అడుగులకు మూడవ దానిని ప్రకటింతురు. నదీతీరమున నివసించువారికి ఈ అంకెలు ఎక్కములవలె కంఠస్థములు. బాలబాలికలారా! ఈ అంకెల విషయమున నేను చేసిన తప్పు ఒకటి కలదు. అది మీకు ఉపకరించునని దాచక చెప్పుచున్నాను.

అది 1986వ సంవత్సరము, ఆగస్టు మాసము. అప్పుడు భద్రాచలము ఖమ్మము జిల్లాలో ఉండెను. నేను తెలుగు పండిత శిక్షణ ముగించి, అడవి అంచున ఉన్న ఒక పల్లె బడిలో క్రొత్తగా చేరితిని. మా పల్లెకు ఒక క్రోసెడు దూరమున, నదికి చేరువగా, కోయవారి గూడెము ఒకటి కలదు. ఒకనాటి మధ్యాహ్నము ఊరి పెద్ద పరుగున వచ్చి, “పంతులుగారూ! భద్రాచలము వద్ద నీరు 53 అడుగులు దాటినదట. ఇంకను పెరుగుచున్నదట. గూడెమువారు చీకటి పడకముందే గుట్ట ఎక్కవలెను. ఒక చీటి వ్రాసి ఇండు, మనిషిని పంపెదను” అనెను.

నాకు ఆ దినములలో వ్రాతపై మక్కువ మెండు. కలము పట్టగానే గోదావరీ మాహాత్మ్యమును వర్ణించితిని. పిదప మేఘములను, పిదప శ్రీరామచంద్రుని దయను, ఆపదలయందు ధైర్యము వహింపవలసిన ఆవశ్యకతను వ్రాసితిని. 53 అడుగుల మాటయు, గుట్ట ఎక్కవలెనను మాటయు రెండవ పుట అడుగున చోటు చేసుకొనెను.

గూడెములో ఆ చీటిని చదివినవాడు ఐదవ తరగతి బాలుడు. ఇంటిలో వాని భాష కోయ. తెలుగు బడిలో నేర్చినది. నా సమాసములకు వాని నోరు తిరుగలేదు. కూడబలుకుకొనుచు చదివి అసలు మాటకు చేరుసరికి ప్రొద్దు గ్రుంకినది. నీరు చేలలోనికి వచ్చినది. జనులందరు చీకటిలో పడుచు లేచుచు గుట్ట ఎక్కి ప్రాణములు దక్కించుకొనిరి. కాని మేకలు కొన్ని కొట్టుకొనిపోయెను. విత్తనమునకు దాచిన జొన్నలు నీటిపాలయ్యెను. ఆ వరద భద్రాచలమున 75.6 అడుగుల వరకు పెరిగెను.

నీరు తీసిన తరువాత గూడెపు పెద్ద నన్ను చూడవచ్చెను. ఆయన కోపపడలేదు. “పంతులూ! రాత మంచిగనే ఉన్నదట. నీళ్లు ఎంత వచ్చినయో, మేము ఎప్పుడు పోవాల్నో, ముందుగాల అది రాయకపోతివి” అని మాత్రము అనెను. నేను తల వంచుకొంటిని. ఆ మాటను నేటికిని మరువలేదు.

అటుపిమ్మట వాల్మీకి రామాయణమును మరల చదివినప్పుడు, అంతకుముందు నాకు కనబడనిది కనబడెను. కిష్కింధాకాండలో శ్రీరాముడు హనుమంతుని మాటతీరును మెచ్చుకొనును. ఆ పలుకులు మిక్కిలి దీర్ఘములు కావు, సందేహమునకు తావిచ్చునవి కావు, తొందరపాటును జాగును లేనివి. సుందరకాండలో అదే హనుమంతుడు సముద్రము దాటి మరలివచ్చి, సీతను చూచిన వార్తను తోడివారికి ముందుగా సంక్షేపముగా చెప్పెను. జాంబవంతుడు అడిగిన తరువాతనే విస్తరముగా చెప్పెను. శ్రీరాముని ఎదుట చూడామణిని గురుతుగా ఉంచెను. ముందు అసలు మాట, అడిగినంత వివరము, చెప్పినదానికి గురుతు: మంచి దూతకు ఈ మూడును వలయును. రాముని క్షేత్రమునకు ఇంత చేరువలో ఉండియు ఈ పాఠమును నేను గూడెపు పెద్దవద్ద నేర్చుకొంటిని.

ఈ పాత కథ మొన్నటి వేసవిలో మరల జ్ఞప్తికి వచ్చెను. మా మనుమరాలు ఖమ్మములో ఇంజనీరింగు చదువుచున్నది. సెలవులకు వచ్చి, నీటిమట్టముల పట్టికను చూచి ఏనాడు ఏ హెచ్చరిక వర్తించునో చెప్పు ప్రోగ్రామును కళాశాల అభ్యాసముగా చేయబూనెను. ఆమెకు తోడు కృత్రిమ మేధ సహాయకము. కోరినది మామూలు మాటలలో చెప్పినచో అది కంప్యూటరునకు అర్థమగు కోడును వ్రాసి ఇచ్చును. కావలసిన విషయములను వెదకి సంగ్రహించియు చెప్పును.

అది పని ముగించి పెద్ద జాబు ఇచ్చెను. మొదట మా పిల్ల ఆలోచనను ఆకాశమునకు ఎత్తెను. పిదప తన పనిని తానే పొగడుకొనెను. అంతయు సిద్ధము, దోషము లేదు అని ముగించెను. పరీక్షించినట్లు మాత్రము ఎచ్చటను లేదు. నేను “అమ్మా! సరిగా 43 వేసి చూడుము” అంటిని. ఆమె వేసెను. ప్రోగ్రాము హెచ్చరిక ఇయ్యలేదు! నీరు 43 అడుగులకు “చేరినప్పుడు” అని ఉండవలసినచోట “దాటినప్పుడు” అని వ్రాసినది. ఒక్క మాట తేడా. నా కన్నులయెదుట ఆనాటి చీటి నిలిచెను.

“ఇంత నిబ్బరముగా తప్పు ఎట్లు చెప్పినదమ్మా?” అని అడిగితిని. “తాతయ్యా! అది లెక్కలేనన్ని వ్రాతలనుండి ఏ మాట తరువాత ఏ మాట రాదగునో నేర్చుకొని వాక్యములు కూర్చును. ఒప్పు చెప్పినను తప్పు చెప్పినను దాని వాక్యము ఒకే తీరున నడచును” అనెను. మనిషి సందేహించినప్పుడు గొంతు తడబడును, వినువాడు జాగ్రత్తపడును. యంత్రపు వ్రాతలో ఆ తడబాటు కానరాదు. కావున అది తన సందేహమును విడిగా, మాటలలోనే చెప్పవలెను.

మనుమరాలు దానికి ఇట్లు ఆదేశించెను: పొగడ్తలు వలదు, ఫలితమును ముందు చెప్పుము, పరీక్షించినదానిని పరీక్షింపనిదానిని వేరుగా చూపుము, తెలియనిచో తెలియదనుము. ఈమారు జాబు నాలుగు వాక్యములే. తప్పు తనదేననియు, “చేరినప్పుడు” అని సరిచేసితిననియు, 43, 48, 53 మూడింటితోను నడిపి చూచితిననియు, పట్టికలో అంకె లేని గడి ఉన్నచో ఏమగునో ఇంకను పరీక్షింపలేదనియు తెలిపెను. ఆ కడపటి వాక్యమే నాకు మిక్కిలి నచ్చెను. ఏది తెలియదో తెలిసినచో, మిగిలిన పని ఎచ్చట ఉన్నదో మనకు తెలియును. మా పిల్ల ఆ గడుల పరీక్షకు వెంటనే పూనుకొనెను.

2022వ సంవత్సరము జూలైలో గోదావరి మరల 71.3 అడుగులకు పెరిగినది. ఆనాడు నేను ఆ గూడెమునకు ఫోను చేసి చెప్పినది ఇంతే: “నీరు 53 అడుగులు దాటినది. ఇంకను పెరుగుచున్నది. ఇప్పుడే గుట్ట ఎక్కుడు. మీ చేలకు ఎప్పుడు వచ్చునో నాకు తెలియదు.” పండితుడనై కూడ ఇంతకంటె మంచి వాక్యములను నేను కూర్చి ఎరుగను.

పిల్లలారా! మీరును ఇట్టి సహాయకములతో పని చేయు దినములు వచ్చినవి. వాని జాబు ఎంత సొంపుగా ఉన్నను, గూడెపు పెద్ద అడిగినట్లే అడుగుడు: నీరు ఎంత వచ్చినది? అది నీకు ఎట్లు తెలిసినది? మీరు ఒకరికి జాబు వ్రాయునప్పుడును, వారు అడుగకముందే ఈ రెండు ప్రశ్నలకు బదులు చెప్పుడు. వినువాని కాలమును కాపాడుటయే మర్యాద. ఒక్కొక్కప్పుడు వాని ప్రాణమును కాపాడునదియు అదే.