పుట్టపర్తిలో ఎన్ని అక్షరాలు?

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజుకి మా కాలేజీలో చిన్న ఆటల పోటీ పెట్టుకున్నాం. రిజిస్ట్రేషన్ ఫారం మా బ్యాచ్‌లోనే ఎవరో పైథాన్‌లో రాశారు. షరతు ఒకటే, పేరు తెలుగులో టైప్ చేయాలి. మొదటి రోజు రాత్రి తెరిచి చూస్తే లిస్టులో మూడే పేర్లున్నాయి: సహన, అనఘ, కమల. మూడోది ల్యాబ్ మేడమ్. ఫారం పనిచేస్తోందో లేదో చూద్దామని ఆమే కొట్టారు. మిగతా అందరికీ ఎర్ర రంగులో ఒకటే జవాబు వస్తోంది: "పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలి."

అబ్బాయి ఒక్కడు లేడు. మా శ్రీ సత్యసాయి జిల్లాలో సాయి అనే పేరు వీధికి నలుగురికి ఉంటుంది. ఒక్క సాయి కూడా లోపలికి రాలేకపోయాడు.

నా రూమ్మేట్‌ది కదిరి. కదిరోడు అనే పిలుస్తాం. వాడు ఆ ఎర్ర మెసేజ్ చూసి, "అక్షరాలు కాకపోతే ఇవేంట్రా, వడియాలా?" అన్నాడు. ఇద్దరం కూర్చున్నాం. ముందు కీబోర్డు మార్చి చూశాం. తర్వాత బ్రౌజర్ మార్చాం. పేరు చివర స్పేస్ ఏమైనా పడుతోందేమో అని స్ట్రిప్ పెట్టి చూశాం. ఏం మారలేదు. అప్పుడు తిరస్కరించిన పేర్లని వదిలేసి, ఒప్పుకున్న మూడు పేర్లనే పక్కపక్కన పెట్టుకున్నాం. సహన. అనఘ. కమల. రెండు నిమిషాలు చూస్తే తెలిసిపోతుంది, మీరూ చూడండి. ఒక్క గుడి లేదు, కొమ్ము లేదు, ఒత్తు లేదు, సున్నా లేదు. అన్నీ ఉత్త తలకట్టు అక్షరాలు.

ఫారంలో పేరుని పరీక్షిస్తున్నది ఈజ్‌ఆల్ఫా. స్ట్రింగ్‌లో అన్నీ అక్షరాలేనా అని అడిగే పైథాన్ మెథడ్ అది. యూనికోడ్‌లో ప్రతి గుర్తుకీ ఒక కేటగిరీ ఉంటుంది. క, మ, ల లాంటివి 'లెటర్' కేటగిరీ. గుడి, కొమ్ము, ఏత్వం, సున్నా, మనం పొల్లు అనే విరామ గుర్తు, ఇవన్నీ 'మార్క్' కేటగిరీ. ఈజ్‌ఆల్ఫా ఒక్క లెటర్ కేటగిరీనే ఒప్పుకుంటుంది. 'సాయి'లో దీర్ఘం ఒక మార్క్, గుడి ఇంకో మార్క్. అంతే, బయటికి.

ఇక్కడ నాకు నిజంగా కోపం తెప్పించిన విషయం వేరే ఉంది. ఈజ్‌ఐడెంటిఫయర్ అని పైథాన్‌లో ఇంకో మెథడ్ ఉంది. వేరియబుల్ పేరుగా ఈ పదం చెల్లుతుందా అని చెబుతుంది. పుట్టపర్తి అని ఇస్తే ట్రూ. 2007లో మార్టిన్ వాన్ లోవిస్ రాసిన పెప్ 3131 పుణ్యమా అని పైథాన్ 3లో తెలుగులో వేరియబుల్స్ పెట్టుకోవచ్చు. 'వాన = 0' అని రాస్తే హాయిగా నడుస్తుంది. అంటే పుట్టపర్తి వేరియబుల్ పేరుగా పనికొస్తుంది కానీ, అక్షరాలతో రాసిన పదం మాత్రం కాదు! ఇంకా విచిత్రం, ౧౨ అని తెలుగు అంకెలు స్ట్రింగ్‌గా ఇంట్‌కి ఇస్తే 12 అని ఠకీమని చెబుతుంది. మా క్లాసులో సగం మందికి చదవడం రాని తెలుగు అంకెలు పైథాన్‌కి వచ్చు. మా పేర్లు మాత్రం రావు.

ఆ శనివారం కదిరోడు నాతో మా ఊరొచ్చాడు. ఎండాకాలం పోయినా చిత్రావతిలో ఇసుకే ఉంది. ఒడ్డున కూర్చుని చీకటి పడేదాకా వాదించుకున్నాం. వాడి వాదన సూటిగా ఉంటుంది: ఇది ఇంగ్లీషు వాళ్ల కోసం కట్టిన ఇల్లు, మనం వరండాలో పడుకుంటున్నాం. లెన్ కూడా తప్పే చెబుతుంది, రివర్స్ తప్పే చేస్తుంది, అన్నీ తప్పులే అన్నాడు.

నేను అంత దూరం పోను. లెన్ గురించి చూద్దాం. పుట్టపర్తి అన్న పదానికి లెన్ 10 అంటుంది. ప, కొమ్ము, ట, పొల్లు, ట, ప, ర, పొల్లు, త, గుడి. లెక్కపెట్టుకోండి, పది కోడ్‌పాయింట్లు. అదే పదాన్ని యూటీఎఫ్-8లోకి మార్చి బైట్లు లెక్కపెడితే 30, ఎందుకంటే తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కోదానికి మూడు బైట్లు. చదివేవాడికి ఒక్క ముక్కగా కనిపించేది ఎంత అన్న దానికి యూనికోడ్‌వాళ్ల నియమం ఇంకోటి ఉంది. చాలాకాలం దాని ప్రకారం జవాబు 6: పు, ట్, ట, ప, ర్, తి. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో ఒత్తులని విడగొట్టకూడదని కొత్త నియమం చేర్చాక అది 4 అయింది. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం, ఈ ఆరు లిపులకి ఆ నియమం వర్తించింది. మా ఊరికి కూతవేటు దూరంలో ఉన్న కన్నడకి ఆ లిస్టులో చోటు దొరకలేదు, అదో బాధ.

30, 10, 6, 4. ఒకే ఊరు, నాలుగు జవాబులు. ఇందులో తప్పు జవాబు ఏది? స్టోరేజీ ఎంత కావాలో చూసేవాడికి 30 కావాలి. ఇండెక్స్ పెట్టి స్ట్రింగ్‌లో తిరిగేవాడికి 10 కావాలి. 2012లో పైథాన్ 3.3తో వచ్చిన పెప్ 393 నుంచి తెలుగు స్ట్రింగ్‌లో ప్రతి కోడ్‌పాయింట్‌కీ లోపల సమానంగా రెండు బైట్లు కేటాయిస్తారు. అందుకే లక్ష అక్షరాల పుస్తకంలోనైనా యాభై వేలో స్థానానికి ఒక్క గెంతులో పోవచ్చు. యూనికోడ్ వెర్షన్ మారినప్పుడల్లా లెన్ 6 నుంచి 4కి మారిపోతుంటే పాత ప్రోగ్రాములు ఏమైపోవాలి? అందుకే లెన్ విషయంలో నేను పైథాన్ పక్షం. అది కోడ్‌పాయింట్లు లెక్కపెడతానంది, లెక్కపెట్టింది. అక్షరాలు లెక్కపెడతానని ఎప్పుడూ అనలేదు.

ఈజ్‌ఆల్ఫా అట్లా కాదు, అది పేరులోనే ఆల్ఫాబెట్ అని పెట్టుకుంది. 'ఆల్ఫబెటిక్' అని యూనికోడ్‌లోనే ఒక లక్షణం ఉంది, గుడి, కొమ్ము, సున్నాలకి కూడా అది వర్తిస్తుంది. మాది దానికంటే వేరు అని పైథాన్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. చదివి చూపించాను. "రాసిపెట్టి చేస్తే తప్పు ఒప్పవుతుందా?" అన్నాడు కదిరోడు. పాయింటే. కానీ ఇంకో మెలిక ఉంది. ఆ ఆల్ఫబెటిక్ లక్షణం పొల్లుకి లేదు. అంటే రేపు పైథాన్ వాళ్లు ఈజ్‌ఆల్ఫాని యూనికోడ్ ప్రకారం సరిచేసినా కదిరి పాసవుతుంది, పుట్టపర్తి మళ్లీ ఫెయిలే. ఒత్తుల్లేని ఊరివాడు ఆ సాయంత్రమంతా నన్ను చూసి నవ్వుతూనే ఉన్నాడు.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో స్లాష్ డబ్ల్యూ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. పైథాన్‌తో వచ్చే రీ మాడ్యూల్‌లో కూడా ఇదే జబ్బు, 2011లోనే దీని మీద బగ్ ట్రాకర్‌లో ఫిర్యాదు పడింది. పుట్టపర్తిని ఇచ్చి పదాలు ఏరమంటే ప, ట, టపర, త అని నాలుగు ముక్కలు చేస్తుంది. అక్షరాలూ నాలుగే కాబట్టి లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది, అసలు ప్రమాదం అదే. ముక్కల్ని ప్రింట్ చేసి చూస్తే తప్ప దొరకదు.

అవ్వని అడిగాను, పుట్టపర్తిలో ఎన్ని అక్షరాలు అని. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. వేళ్లు కూడా తీయకుండా, "నాలుగు. దీనికి ఇద్దరు ఇంజనీర్లు కావాల్నా నాయనా?" అంది. పుస్తకంలో చెప్పినట్టు గురులఘువులు వేస్తే గురువు, లఘువు, గురువు, లఘువు. నాలుగు అక్షరాలు, ఆరు మాత్రలు. స్కూలంతా ఇంగ్లీషు మీడియమే అయినా టెన్త్ తెలుగు పేపర్లో మార్కుల కోసం నేర్చుకున్న యమాతారాజభానసలగం ఇట్లా పనికొస్తుందని ఎవరనుకున్నారు. అక్షరాలు లెక్కపెట్టడం మీద మనవాళ్లు కంప్యూటర్ పుట్టక ముందు వందల ఏళ్లు పనిచేశారు. పొల్లుతో ముగిసే పదాన్ని ఎట్లా లెక్కపెట్టాలో కూడా తేల్చిపెట్టారు: పొల్లు దాని ముందున్న అక్షరంలో కలిసిపోతుంది. ఆ లెక్కన పైథాన్ అనే మాటలో రెండే అక్షరాలు, పై, థాన్.

ఆ పైథాన్ అనే మాటలోనే ఇంకో గమ్మత్తు ఉంది. ఐత్వం గుర్తుని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. ఒకటి ఐత్వం మొత్తం ఒకే కోడ్‌పాయింట్‌గా, రెండోది ఎత్వం, దాని కింద విడిగా ఐత్వపు తోక. తెలుగు గుణింతాల్లో ఇట్లా రెండు రూపాలున్నది ఇదొక్కటే. కాబట్టి 'పైథాన్' లెన్ 6 రావచ్చు, 7 రావచ్చు. కంటికి రెండూ ఒకటే, ఈక్వల్ ఈక్వల్ పెడితే ఫాల్స్. వేరియబుల్ పేర్లని పైథాన్ తనే నార్మలైజ్ చేసుకుంటుంది, స్ట్రింగ్స్‌ని మాత్రం ముట్టుకోదు. ఆ పని మనమే చేయాలి.

సోమవారం ఫారం సరిచేశాం. ఈజ్‌ఆల్ఫా తీసేసి, యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ప్రతి గుర్తు కేటగిరీ చూసి, లెటర్ అయినా మార్క్ అయినా రానిచ్చాం. సాయిలందరూ వచ్చారు. గంటలో ఒక రాజ్‌కుమార్ ఫోన్ చేశాడు, నా పేరు తీసుకోవట్లేదని. జ కింద క ఒత్తు పడకుండా 'జ్', 'కు' విడిగా నిలబడాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు ఉండాలి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లెటరూ కాదు, మార్కూ కాదు. సాఫ్ట్‌వేర్ అన్న మాట సరిగ్గా కనబడాలన్నా అదే కావాలి. వేరియబుల్ పేరులో పెడితే పైథాన్ సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. దాన్నీ రానిచ్చాం. ఆ తర్వాత ఒక కిరణ్ రెండుసార్లు రిజిస్టర్ అయినట్టు కనిపించాడు. ఒకసారి ఆ కనిపించని గుర్తు పేరు చివర ఉంది, ఇంకోసారి లేదు. పోల్చేటప్పుడు దాన్ని తీసేయాలి, చూపించేటప్పుడు ఉంచాలి.

ఇంత చేశాక కదిరోడు అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. అసలు పేరుకి పరీక్ష ఎందుకు? ఎవడి పేరు వాడికి తెలియదా? ఖాళీగా వదిలేయకుండా ఏదో ఒకటి రాశాడా లేదా చూస్తే చాలదా? ఫారం రాసినవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఆలోచించండి. నీ పేరు అక్షరాలు కాదు అని ఒక మనిషికి ఎర్ర రంగులో చెప్పడం చిన్న విషయం కాదు. చివరికి ఆ చెక్ మొత్తం తీసేశాం.

పోటీలో ఒక ఆట ఊర్ల పేర్ల అంత్యాక్షరి. దాని ప్రోగ్రాం మా ఇద్దరి మీద పడింది. చివరి అక్షరం కోసం మైనస్ 1 ఇండెక్స్ అడిగితే పుట్టపర్తికి ఉత్త గుడి వస్తుంది. గుడితో ఏ ఊరు మొదలవుతుంది? హల్లు, పొల్లు, హల్లు, గుణింతం అని నమూనా రాసుకుని అక్షరాన్ని పట్టుకుంటే 'ర్తి' వచ్చింది. దానితోనూ ఏ ఊరూ మొదలవదు. అవ్వ ఆడేటప్పుడు 'తి' తీసుకుని తిరుపతి అంటుంది. సరే, ఒత్తులో చివరి హల్లు తీసుకోవాలని రాశాం. లేపాక్షి దగ్గర ఆగిపోయింది. 'షి' తీసుకోవాలా? 'క్షి' తీసుకుంటే తప్పేంటి? క్షతో మొదలయ్యే మాటలు బోలెడున్నాయి, చిన్నప్పటి అక్షరాల చార్టులో 'క్ష'కి సొంత గడి ఉంది. యూనికోడ్‌లో మాత్రం అది మూడు కోడ్‌పాయింట్లు. చివరికి వ్యాకరణం జోలికి పోకుండా ఒక పద్ధతి పెట్టాం. మా పదాల లిస్టులో ఆ ఒత్తుతో మొదలయ్యే మాట ఒక్కటైనా ఉంటే ఒత్తు మొత్తం ఉంచాలి, లేకపోతే చివరి హల్లు. గుణింతంతో దొరక్కపోతే తలకట్టుతో అయినా చెల్లుతుంది, లేదంటే కదిరి తర్వాత ఎవరూ కదలరు.

మిగిలింది సున్నా. ధర్మవరం, బుక్కపట్నం, రొద్దం. మా జిల్లాలో ఇట్లా సున్నాతో ముగిసే పేర్లకి కొదవ లేదు. సున్నా అంటే 'ము'నే కదా, మడకశిర అనొచ్చంటుంది అవ్వ. కాదు, బుక్కపట్నంలో చివర ఉన్నది 'నం', కాబట్టి నల్లమాడ అనాలి అంటుంది పిన్ని. ఇద్దరూ నలభై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఆడుతున్నారు, ఇంతవరకు తేలలేదు. కోడ్‌లో ఆ ఒక్క చోట ఇఫ్ పెట్టి వదిలేశాం. ఆట మొదలయ్యే ముందు స్క్రీన్ మీద అడుగుతుంది: సున్నా వస్తే 'మ'నా, ముందున్న హల్లా? పోటీ రోజు రెండు టీములూ ఆ ప్రశ్న దగ్గరే పావుగంట కొట్టుకున్నాయి.