టూరు బండి, డ్రైవరు నిద్ర, బీమా కాగితం

సెలవులకు ఊరు కదిలే తెలుగు కుటుంబానికి భద్రత, బీమా రెండూ బండి నంబరు ప్లేటు దగ్గరే మొదలవుతాయి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది కిరాయికి తిరిగే బండి. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే సొంత వాడకానిది. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే డ్రైవరు లేకుండా అద్దెకిచ్చేది. కరెంటు బళ్లకు ప్లేటు ఆకుపచ్చగా ఉంటుంది. కిరాయిదైతే అక్షరాలు పసుపు, సొంతదైతే తెలుపు.

ఇదంతా తెలియని రహస్యమేమీ కాదు. అయినా టూరు మాట్లాడే వేళకు ప్రతి బంధువర్గంలోనూ ఒక బాబాయిగారు తేలతారు. "మనకు తెలిసిన కుర్రాడేరా, సొంత ఇన్నోవా, కిలోమీటరుకు రెండు రూపాయలు తక్కువకే వస్తాడు" అంటారు. అందరూ సంతోషిస్తారు. సొంత కారు పాలసీలో వాడకం మీద షరతులు రాసిన చోటును ఎవరూ చదవరు. కిరాయికి గానీ ప్రతిఫలానికి గానీ తిప్పితే పాలసీ వర్తించదని అక్కడ అచ్చేసే ఉంటుంది. ప్రమాదం జరిగాక విచారణకు వచ్చేవాళ్లు ముందు తేల్చుకునేదీ అదే. బండి ఎంతకు మాట్లాడుకున్నారు, డీజిల్ ఎవరు పోయించారు అని ఒక్కొక్కరినీ విడిగా అడుగుతారు. ఓనరు తమ బంధువేనని అందరూ ఒక్క మాట మీద నిలబడినా, ఫోన్లో పంపిన అడ్వాన్సు మాత్రం తారీఖుతో సహా నిలిచే ఉంటుంది.

అప్పుడు బండి మరమ్మతు ఓనరు నెత్తిన పడుతుంది. ప్రయాణికుల పరిహారం వివాదంలో చిక్కుతుంది. ముందు బాధితులకు చెల్లించి, ఆ తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకొమ్మని కోర్టులు బీమా కంపెనీలను ఆదేశించిన సందర్భాలున్నాయి. కానీ అక్కడిదాకా వెళ్లడానికి వకీలు కావాలి, ఏళ్ల తరబడి ఓపికా కావాలి. పసుపు బోర్డు బండిలో ఈ గొడవ చాలావరకు ఉండదు. కిరాయి చెల్లించి ఎక్కిన ప్రయాణికుడికి బీమా రక్షణ ఉండి తీరాలని మోటారు వాహనాల చట్టం 147వ సెక్షనే చెబుతోంది. బండికి బీమా, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉన్నాయో ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే కనిపిస్తుంది. అడ్వాన్సు పంపడానికి పట్టేంత సమయం కూడా పట్టదు.

తలల లెక్కకూ చట్టంలో విలువుంది. ఏడుగురికి పాసైన బండిలో "పిల్లలేగా" అంటూ పదకొండుమందిని సర్దడం మామూలే. సీట్లకు మించి ఎక్కించిన బస్సు విషయంలో, బీమా కంపెనీ బాధ్యత పాలసీలో ఉన్న ప్రయాణికుల సంఖ్యకే పరిమితమని అంజనా శ్యామ్ కేసులో సుప్రీంకోర్టు 2007లో తేల్చింది. ముందు సీట్లో తాతగారి ఒళ్లో మనవణ్ని కూర్చోబెట్టడం బీమాకు అందే సంగతి కాదు. ఎయిర్‌బ్యాగు విచ్చుకుంటే మొదటి దెబ్బ తగిలేది ఆ పిల్లవాడికే.

అయితే ప్లేటు ఏ రంగుదైనా, అసలు భద్రత డ్రైవరు నిద్రలో ఉంది. తిరుపతి టూరు చూస్తే ఇది తెలిసిపోతుంది. హైదరాబాదు నుంచి దాదాపు 550 కిలోమీటర్లు. భోజనాలు కానిచ్చి రాత్రికి బయల్దేరితే ఒక పూట గది అద్దె మిగులుతుందని పెద్దల లెక్క. తెల్లారేసరికి అలిపిరి. ఘాట్ రోడ్డెక్కి, గది దొరికి, స్నానాలు చేసి అందరూ క్యూలోకి వెళ్లాక డ్రైవరు పార్కింగులో సీటు వాల్చుకుంటాడు. అద్దాలు దింపితే ఈగలు, ఎత్తితే ఉక్క. కన్ను మూతపడే వేళకు ఫోను మోగుతుంది: "బాబూ, పెద్దమ్మ నడవలేకపోతోంది, బండి కాస్త ఇటు తెస్తావా?"

దర్శనమయ్యాక అసలు ప్రమాదం మొదలవుతుంది. ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా, కాళహస్తి చూసేద్దామంటారొకరు. కాళహస్తి చూసి కాణిపాకం వదిలేస్తామా అంటారింకొకరు. కాళహస్తి తిరుపతికి ఒకవైపు, కాణిపాకం ఇంకోవైపు. వినాయకుడికి కోపం వస్తుందేమోనన్న భయం ముందు భూగోళం నిలవదు. రెండూ చూసుకుని, చీకటి పడ్డాక మళ్లీ హైదరాబాదు దారి పడతారు. అప్పటికి డ్రైవరుకు సరైన నిద్ర లేక ఒక రాత్రి, ఒక పగలు గడిచిపోయాయి. ముందు సీట్లో కూర్చున్నవాడు అతన్ని మాటల్లో పెట్టాలని ఆనవాయితీ. కర్నూలు దాటేసరికి ఆ మాటలాడేవాడూ తల వాలుస్తాడు. మనిషి శరీరం నిద్రకు గట్టిగా మొగ్గే తెల్లవారుజామున, మేలుకుని ఉండాల్సిన బాధ్యత బండిలో ఒక్కడిదే అవుతుంది.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని, వరసగా 5 గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి అని అప్పట్లోనే రాసింది. టూరు బళ్ల ప్రపంచంలో ఆ అంకెలు ఎవరి చెవినా పడలేదు. డ్రైవరు బత్తా దగ్గర వంద రూపాయలకు బేరమాడే కుటుంబం అతనికి ఒక మంచం చూపించాలన్న ఆలోచనే చేయదు. వెనక డిక్కీలో పులిహోర, పెరుగన్నం, మురుకులు, వేన్నీళ్ల ఫ్లాస్కు అన్నీ లెక్కపెట్టి సర్దుకునే శ్రద్ధలో పదో వంతు అతని నిద్ర మీద పెడితే చాలు. అతని బీమా సంగతీ అంతే. జీతానికి పెట్టుకున్న డ్రైవరు పట్ల ఓనరుకున్న చట్టపరమైన బాధ్యతను పాలసీలో చేర్చడానికి అయ్యే ప్రీమియం ఏడాదికి 50 రూపాయలు. అది కట్టారా అని అడిగిన యాత్రికుడు అరుదు.

దెబ్బలు తగిలితే ఉన్న ఒక ఆసరా, 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం. రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయలు దాటకుండా, నగదు కట్టకుండానే చికిత్స చేస్తారు.

రైలు ప్రయాణానికి బీమా ఇంతకంటే తేలిక. ఐఆర్‌సీటీసీలో టికెట్ తీసేటప్పుడు మనిషికి 45 పైసలకు వచ్చే పాలసీలో మరణానికి 10 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 2 లక్షల దాకా ఉంది. కౌంటరు టికెట్‌కు అది రాదు. చాలామంది టిక్కు పెట్టి వదిలేస్తారు. ఆ తర్వాత ఫోనుకు వచ్చే లింకులో నామినీ పేరు నింపాలి.

నీటి మీద పరిస్థితి వేరు. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరద మీదున్నప్పుడు, పాపికొండల యాత్రకు వెళ్తున్న రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో డెబ్బై మందికి పైగా ఉన్నారు. ఒడ్డునున్న గ్రామస్తులు పడవలేసుకుని వచ్చి కొందరిని బతికించారు. బోటును అక్టోబరు 22న గానీ, వెలికితీతకు దిగిన ధర్మాడి సత్యం బృందం బయటికి లాగలేకపోయింది. ఇంజనుతో నడిచే పడవలకు బీమా ఉండాలని 2021 నాటి అంతర్గత జలనౌకల చట్టం చెబుతోంది. నది మధ్యలో ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. అక్కడ అక్కరకొచ్చేది లైఫ్ జాకెట్. చెమట వాసనేస్తోందని, ఫోటో బాగా రాదని దాని బకిల్ విప్పేస్తారు. భోజనాల వేళ అయినా సరే, ఒడ్డు చేరేదాకా అది ఒంటి మీద ఉండాల్సిందే.

విదేశం వెళ్తే బీమా వీసాతో ముడిపడుతుంది, కానీ అన్ని దేశాల్లోనూ కాదు. యూరప్ షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. అమెరికా విజిటర్ వీసాకు అలాంటి నియమం లేదు. కొడుకు దగ్గరికో, కూతురి పురిటికో ఆరు నెలలకు వెళ్లే తల్లిదండ్రులు అందుకే తక్కువ ప్రీమియంది చూసి ఏదో ఒకటి తీసుకుంటారు. చౌక పాలసీల్లో ప్రతి చికిత్సకూ ఇంతే ఇస్తామని ముందే కట్టేసిన మొత్తం ఉంటుంది. ఆసుపత్రి బిల్లులో మిగతాదంతా చేతి నుంచి పెట్టుకోవాలి. ముందునుంచీ ఉన్న జబ్బుల విషయంలో పాలసీ పాలసీకీ షరతు మారుతుంది. కొన్నింటిలో వాటికి పైసా రాదు, కొన్నింటిలో ఉన్నట్టుండి తిరగబెడితేనే, అదీ వయసును బట్టి ఒక పరిమితి దాకా వస్తుంది. ఇక్కడ తీసుకునే పాలసీ దరఖాస్తులో షుగరూ బీపీ లేవని రాసేస్తారు. క్లెయిము పెట్టినప్పుడు కంపెనీ పాత ప్రిస్క్రిప్షన్లు అడుగుతుంది. సూట్‌కేసులో ఆవకాయ సీసాల పక్కన ఆరు నెలలకు సర్దుకెళ్లిన మాత్రల స్ట్రిప్పులు ఆ జబ్బులవే.