సెల్ఫు తిరగని అంబాసిడరు: తెలుగులో ఒక విద్యుత్ పాఠం



"తెలుగులో సైన్సు చదివి మా పిల్లలు ఏం చేయాలి?" అన్న ప్రశ్నను మా హోసూరు ప్రాంతంలో ఏటా వింటూనే ఉంటాము. బడిలో చేరికల కాలం రాగానే ఈ ప్రశ్న మరింత గట్టిగా వినిపిస్తుంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో తమిళం మొదటి భాషగా తప్పనిసరి అయిన తరువాత, మాతృభాష పిల్లవాడి చదువులో ఏ మూలన ఉండాలన్నది ప్రతి ఇంటా తేల్చుకోవలసిన విషయమైంది. రాష్ట్రభాష నేర్చుకోవద్దని ఎవరూ అనరు, అనకూడదు కూడా. నేను చెప్పదలచుకున్నది వేరు. తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడానికి సరిపోతుంది గాని ఆలోచించడానికి, కారణం వెదకడానికి పనికిరాదన్న నమ్మకం మనవారిలోనే పాతుకొనిపోయింది. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో ఒక పాత కారు దగ్గర పరీక్షించి చూసే అవకాశం 2018 వేసవి సెలవులలో నాకు కలిగింది.

మా ఊరిలో విశ్రాంత ఉపాధ్యాయులొకరి దగ్గర 1966 నాటి అంబాసిడరు కారు ఉన్నది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను అనుసరించి పశ్చిమబెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన ఈ బండి ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ఆ కారును చూసే మెకానిక్కు మా విద్యార్థిని తండ్రి. ఇంట్లో తెలుగు, అంగడిలో తమిళం, బెంగళూరు బేరాలకు కన్నడం మాట్లాడే మనిషి. కూతురు అప్పుడే తొమ్మిదో తరగతి ముగించింది. ఆమెను తెలుగు మాధ్యమం నుంచి మాన్పించి ఇంగ్లీషు మాధ్యమంలో వేయాలని ఆయన అప్పటికే నిశ్చయించుకున్నాడు. ఆ సంగతి మాట్లాడడానికే నేను షెడ్డుకు వెళ్లాను. కారు బానెట్టు తెరిచి ఉన్నది. బండి సెల్ఫు తీసుకోవడం లేదు.

సెల్ఫు అన్న మాట మన షెడ్లలో స్థిరపడిపోయింది గనుక దానినే వాడుతాను. మోటారు కార్ల తొలిరోజులలో ఇంజనును ముందువైపు నుంచి చేతి హ్యాండిలుతో తిప్పవలసి వచ్చేది. ఇంజను వెనక్కి తన్నితే చేయి విరిగిన సందర్భాలు కూడా ఉండేవి. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కార్లలో వచ్చింది. కారు తనంతట తానే మొదలవుతుంది కాబట్టి దానికి సెల్ఫ్ స్టార్టరన్న పేరు ఏర్పడింది. మనం అందులో మొదటి సగాన్ని ఉంచుకొని రెండో సగాన్ని వదిలేశాము.

తాళం తిప్పితే బ్యాటరీ నుంచి ఒక చిన్న ప్రవాహం సాలినాయిడ్ స్విచ్చుకు వెళుతుంది. ఆ స్విచ్చు టక్కున మూసుకొని పెద్ద ప్రవాహానికి దారి ఇస్తుంది. మోటారు తిరుగుతుంది. దాని కొసనున్న చిన్న పళ్ల చక్రం ముందుకు జరిగి, ఇంజను ఫ్లైవీలు అంచున ఉన్న పెద్ద పళ్ల చక్రాన్ని పట్టి తిప్పుతుంది. తరువాత ఆ ప్రవాహం ఇంజను లోహంగుండా, కారు బాడీగుండా తిరిగి బ్యాటరీకే చేరాలి. వెళ్లే దారి ఎంత ముఖ్యమో తిరిగివచ్చే దారి కూడా అంతే ముఖ్యం. ఆ తిరుగుదారినే మెకానిక్కులు ఎర్తు అంటారు.

ఆనాటి లక్షణం ఇది. తాళం తిప్పితే సాలినాయిడ్ టక్కుమంటుంది గాని మోటారు కదలదు. మెకానిక్కు తన టెస్టు బల్బు తీగ కొస ఒకటి బ్యాటరీ లైవు కొసకు, రెండోది ఇంజనుకు ఆనించాడు. బల్బు చక్కగా వెలిగింది. "బల్బు వెలుగుతా ఉండాది కదా సార్, ఎర్తు బాగుండాది. సెల్ఫు కాలిపొయ్యుండాది. విప్పి వైండింగుకు పంపాల" అన్నాడు. పాత బండి మోటారు విప్పడం, మళ్లీ చుట్టించడం, అరిగిన బుష్షులు వెదికి తేవడం అంటే వేల రూపాయల ఖర్చు, పది రోజుల ఎదురుచూపు.

ఆ అమ్మాయి అక్కడే ఉన్నది. బడి ప్రయోగశాల మల్టీమీటరు నా సంచిలో ఉన్నది. "విప్పే ముందు కొలిచి చూద్దామా?" అని అడిగాను. మెకానిక్కు నవ్వి ఒప్పుకున్నాడు.

మొదట జాగ్రత్తలు. గేరు న్యూట్రలులో ఉంచి, చేతి బ్రేకు వేశాము. ఇంజను ఉన్నట్టుండి స్టార్టు కాకుండా ఇగ్నిషన్ కాయిలు తీగ తీశాము. తాళాన్ని ఒక్కసారికి మూడు నాలుగు సెకన్లకు మించి పట్టకూడదు. బ్యాటరీ దగ్గర మంట గాని నిప్పురవ్వ గాని కూడదు, ఎందుకంటే దాని నుంచి హైడ్రోజను వెలువడుతుంది. పాత బ్రిటిష్ నమూనా కార్లలో పాజిటివ్ కొసనే ఎర్తు చేసినవి కూడా ఉంటాయి. కాబట్టి బ్యాటరీలో ఏ కొస బాడీకి కలిపి ఉన్నదో ముందుగా కళ్లతో చూసుకోవాలి.

తరువాత ప్రశ్నలు ఒక్కొక్కటిగా వచ్చాయి. బ్యాటరీలో బలమున్నదా? తాళం తిప్పకముందు 12.5 వోల్టులు, ఉన్నది. తాళం తిప్పినప్పుడు హెడ్‌లైట్లు మసకబారుతున్నాయా? మోటారు బిగుసుకొనిపోయి నిండుగా కరెంటు లాగుతుంటే లైట్లు బాగా కుంగిపోవాలి. ఇక్కడ దాదాపు మార్పు లేదు, బ్యాటరీ వద్ద 12.1 చూపింది. అంటే మోటారు లాగవలసినంత ప్రవాహం లాగడం లేదు. బిగుసుకున్నదన్న అనుమానం దీనితో తీరిపోయింది. ఒకవేళ చిన్న పళ్ల చక్రం పెద్ద చక్రంలో ఇరుక్కున్నదని తేలితే, ఇగ్నిషన్ ఆపి టాప్ గేరులో వేసి బండిని ముందుకు వెనక్కు ఊపితే చాలాసార్లు విడిపోతుంది. దానికి కూడా మోటారు విప్పనక్కరలేదు.

ఇక ఆ 12.1 వోల్టులు ఎక్కడ ఖర్చవుతున్నాయి? బ్యాటరీ లైవు కొస నుంచి సాలినాయిడ్ దాటి మోటారు కొస వరకు, తాళం తిప్పి ఉంచినప్పుడు 0.4 వోల్టులు. మోటారు కొస నుంచి ఇంజను లోహం వరకు 1.5 వోల్టులు. ఇంజను లోహం నుంచి బ్యాటరీ ఎర్తు కొస వరకు 10.2 వోల్టులు. ఆ అమ్మాయి కాగితం మీద మూడూ కూడింది. సరిగ్గా 12.1 వచ్చింది. మోటారుకు దక్కుతున్నది ఒకటిన్నర వోల్టు మాత్రమే, మిగిలినదంతా తిరుగుదారిలోనే పోతున్నదని ఆమె తేల్చింది. అదే సమయంలో చోకు తీగ మీద చేయి వేసిన మెకానిక్కు ఉలిక్కిపడి తీసుకున్నాడు. తీగ వేడెక్కి ఉన్నది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది గనుక బాడీతో దానికి లోహసంబంధం ఒక అల్లిక రాగిపట్టీ వల్లనే కలగాలి. ఆ పట్టీ పనిచేయకపోతే ప్రవాహం దొరికిన సన్నదారి పడుతుంది. ఇక్కడ ఆ సన్నదారి చోకు తీగ అయింది.

పట్టీ విప్పి చూశాము. బోల్టు కింద ఎప్పటిదో పెయింటు పొర, దాని మీద పచ్చని చిలుము. గరుకు కాగితంతో రెండువైపులా లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించాము. ఈసారి తాళం తిప్పితే తిరుగుదారిలో 0.2 వోల్టులే పోయాయి. సెల్ఫు గిర్రున తిరిగింది. కాయిలు తీగ తగిలించగానే ఇంజను అందుకున్నది.

అయితే బల్బు ఎందుకు వెలిగింది? మెకానిక్కు అడిగిన ఈ ప్రశ్న నాకు ఆనాటి పనిలోకెల్లా విలువైనదిగా తోచింది. కూతురే జవాబు చెప్పింది. "నాయనా, బల్బుకు రవ్వంత కరెంటు శాలు. సెల్ఫుకు శానా కావల్ల." ఆ చెడిన ముడిలో ఓమ్‌లో ఐదో వంతు నిరోధం ఉన్నదనుకుందాము. బల్బు తీసుకునేది అర ఆంపియరు. అర ఆంపియరును 0.2 ఓమ్‌తో గుణిస్తే పోయేది 0.1 వోల్టు. బల్బు వెలుగులో ఆ తేడా కంటికి కనబడదు. సెల్ఫుకు కావలసింది సుమారు 200 ఆంపియర్లు. అంత ప్రవాహం ఆ ముడిగుండా పోవాలంటే 40 వోల్టులు కావాలి. బ్యాటరీలో ఉన్నవి 12. తక్కువ బరువు మీద బాగున్నట్టు కనబడిన దారి అసలు బరువు మీద పడగానే చేతులెత్తేసింది. 1827లో జార్జ్ ఓమ్ ప్రకటించిన నియమాన్ని ఆ తండ్రి ఇరవై ఏళ్లుగా చేతులతో ఎరుగును. పేరుతో ఎరుగనిదల్లా ఇప్పుడు కూతురి మాటలలో విన్నాడు.

ఇందులో భాష ఏం చేసిందో గమనించండి. బ్యాటరీ, సాలినాయిడ్, వోల్టు, గేరు అన్నవి పరాయి మాటలే, అయినా మనవైపోయాయి. వాటిని తెలుగు చేయనవసరం లేదు. ప్రవాహం, నిరోధం అన్నవి పాఠ్యపుస్తకం ఇచ్చినవి. ముడి, కొస, చిలుము, పట్టు అన్నవి ఇల్లు ఇచ్చినవి. ఈ మూడు గుంపులనూ కలిపి "ఇలా అయితే అలా కావాలి, అలా కాలేదు గనుక ఇది కాదు" అని నడిపించినది మాత్రం తెలుగు వాక్యమే. తర్కం నామవాచకాలలో ఉండదు. "అయితే", "గనుక", "ఒకవేళ", "అయినప్పటికీ" అన్న మాటలలో ఉంటుంది. ఆ మాటలు బిడ్డకు ఏ భాషలో తడుముకోకుండా వస్తాయో ఆ భాషలోనే మొదటి ఆలోచన జరుగుతుంది.

మనం బడిలో పెట్టే పరీక్షలు ఎక్కువగా టెస్టు బల్బు వంటివే. నిర్వచనం అప్పజెప్పమంటాము, ఖాళీలు పూరించమంటాము, పేరా చదవమంటాము. పిల్లవాడు ఏ భాషలోనైనా ఇవి చేయగలడు. బల్బు వెలుగుతుంది, మనం సంతోషిస్తాము. "ఇది ఎందుకు ఇలా జరిగింది, నువ్వు నీ తండ్రికి చెప్పు" అన్నప్పుడు గాని అసలు బరువు పడదు. ఇంగ్లీషు మాధ్యమంలో మంచి మార్కులు తెచ్చుకొని ఈ ఒక్క ప్రశ్న దగ్గర మౌనం వహించే పిల్లలను మనమందరం చూస్తూనే ఉన్నాము. తెలుగు మాధ్యమంలోనూ అటువంటి పిల్లలు ఉన్నారని నిజాయితీగా ఒప్పుకోవాలి. మాధ్యమం పేరు మార్చితే చిలుము దానంతట అది వదలదు.

ఆ అమ్మాయి మరుసటి నెలలో ఇంగ్లీషు మాధ్యమంలోనే చేరింది. తండ్రి నిర్ణయం మారలేదు. ఉద్యోగాల లెక్కలు ఆయనకు ఉన్నాయి, వాటిని నేను కాదనలేను. అయితే తెలుగును ఐచ్ఛిక భాషగా చదువుతుందని ఆయనే పట్టుబట్టాడు. చిన్నవాణ్ణి మా బడిలోనే వేశాడు. "నాకు అర్థమయ్యేట్ల చెప్పేది ఒకరన్నా ఇంట్లో ఉండాల కదా సార్" అన్నాడు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక చిన్న విన్నపం. విద్యుత్ పాఠం వచ్చినప్పుడు పిల్లలను ఒక్కపూట దగ్గరలోని షెడ్డుకు తీసుకొనిపోండి. అక్కడి పనివాడిని ఒక చెడిన వస్తువు చూపమనండి. పిల్లలు మూడు కొలతలు తీసుకొని, కారణాన్ని ఆరు తెలుగు వాక్యాలలో వ్రాసి, ఆ పనివాడికే చదివి వినిపించాలి. ఆయన తల ఊపితే వారికి పాఠం వచ్చినట్టే. తల్లిదండ్రులు చేయవలసింది ఇంకా తేలిక. రాత్రి భోజనాల వేళ "ఈరోజు ఏం చదివావు?" అని అడగడంతో ఆపక, "అది ఎందుకట్లా?" అని కూడా అడగండి. జవాబు వచ్చేదాకా కాస్త ఆగండి.