కరువు సంవత్సరములో పెద్దరికము

సేవకుని మనస్సు గల నాయకుని గూర్చి ప్రసంగము వచ్చినప్పుడెల్లా మనము యోహాను సువార్త పదమూడవ అధ్యాయము తెరుస్తాము. ప్రభువు నడుముకు తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగినాడు. తనను అప్పగింపబోయే యూదా పాదములు కూడ ఆ నీళ్లతోనే కడిగినాడని తలంచుకున్నప్పుడు మాకు నోట మాట రాదు. అయితే మేము కనగానపల్లి మండలములో మెట్ట సేద్యము చేసికొని బ్రతికే కుటుంబాలవాళ్లము. మా దగ్గర మనిషి పెద్దరికము బయటపడేది కరువు సంవత్సరములో. అందుచేత ఇంటి ప్రార్థనలలో మేము నెహెమ్యా గ్రంథము ఐదవ అధ్యాయము ఎక్కువగా చదువుకుంటాము.

ఆ అధ్యాయములోని జనుల మొర వింటే మా ఊరి మాటలే విన్నట్టుంటుంది. పొలములు, తోటలు, ఇండ్లు కుదువబెట్టి ధాన్యము తెచ్చుకున్నారు. రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేసినారు. కన్నబిడ్డలను దాస్యమునకు అప్పగించినారు. నెహెమ్యా ఆ దేశమునకు అధికారి. పన్నెండు సంవత్సరములు తనకు రావలసిన భత్యము ముట్టలేదు. తన పనివారిని గోడ పనిలో పెట్టినాడు. తన బల్లయొద్ద నూట యాభైమందికి భోజనము పెట్టినాడు. ఇవన్నీ గొప్ప సంగతులే గాని, ఆయన భూమి సంపాదించుకోలేదన్న చిన్న మాట ఒకటి అక్కడ ఉన్నది. మేము ఆ మాట దగ్గర ఆగిపోతాము. ఎందుకంటే కరువులో భూమి చవక. చేతిలో నాలుగు రూపాయలున్నవానికి అంతకంటె మంచి తరుణము దొరకదు.

మా సీమకు కరువు కొత్త కాదు. 1876-78 నాటి ధాత కరువు కాలానికి అనంతపురము జిల్లా అనేదే లేదు. ఈ ఊళ్లన్నీ బళ్లారి జిల్లాలో ఉండేవి. 1882లో వేరు చేసినారు. ఆ కరువే అటు ఒంగోలు ప్రాంతమును కూడ పట్టుకున్నది. అప్పుడు ఒంగోలులో బాప్టిస్టు మిషనెరీగా ఉన్నవారు జాన్ క్లౌ దొరగారు. ఆయన అమెరికాలో భూములు కొలిచే సర్వే పని ఎరిగిన మనిషి. ప్రభుత్వము కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, మూడున్నర మైళ్ల తవ్వకము తాను కాంట్రాక్టు తీసుకొని ఆకలితో వచ్చినవారికి పని చూపించినాడు. తన తెలుగు బోధకులనే పని మీద మేస్త్రీలుగా నిలబెట్టినాడు. మట్టి పని జరిగే చోట అరుపులు, తిట్లు మామూలు. అక్కడ మాత్రము అలసి కూర్చున్నవారి పక్కన మేస్త్రీయే కూర్చొని ధైర్యము చెప్పేవాడు.

జనులు బాప్తిస్మము ఇమ్మని అడిగినారు. కరువు తీరేదాకా ఇవ్వనన్నాడు. కూలి కోసము, గంజి కోసము ఎవరూ క్రీస్తు నామము పెట్టుకోకూడదని ఆయన పట్టుదల. ఏడాదికి పైగా అలా ఆపి, సహాయపు పనులు ముగిసిన తరువాతనే ఇచ్చినాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మము పొందినారు. మిషను చరిత్ర చెప్పేవారు ఈ అంకెనే చెబుతారు. ఆయన కాదన్న ఆ ఏడాదిని గూర్చి ప్రసంగము చేసినవారిని మేము ఎక్కువగా వినలేదు.

కరువు పనిలో మట్టి కొలత ఎంత పెద్ద సంగతో మాకు బాగా తెలుసు. ఉపాధి హామీ పథకమును దేశమంతటికీ మొదలుపెట్టినది మా అనంతపురము జిల్లా బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. ఆ పనిలో గంటలు చూసి కూలి ఇచ్చేవారు కాదు, తవ్విన గుంతను కొలిచి ఇచ్చేవారు. మెత్తటి నేల దొరికినవారికి పొద్దెక్కకముందే కొలత నిండేది. గరుసు నేల దొరికినవారు గడ్డపారతో ఎంత పొడిచినా గంపెడు మట్టి లేచేది కాదు. ఎవరికి ఎక్కడ గీత గీయాలన్నది గుంపు మేట్ చేతిలో ఉండేది.

మా సంఘములోని ఒక సహోదరి కొన్నేళ్లు మేట్‌గా ఉన్నది. పది వరకు చదువుకున్నది. ఒక వేసవిలో నీటికుంట తవ్వేటప్పుడు గరుసు వైపు ఎవరూ పోలేదు. ఆమె ఆ వైపు తన ఇంటివాళ్లకే గీసింది. అత్తగారు అందరి ముందర గంప విసిరికొట్టి, “నువ్వు మేట్ అయ్యింది మాకు రాళ్లు పెట్టడానికా?” అన్నది. “అత్తా, మెత్తది మనము పెట్టుకుంటే రేపు నేను టేపు పట్టినప్పుడు ఎవరు నమ్ముతారు?” అని ఈమె. ఆ వారము అత్తగారు కోడలి చేతి అన్నము తినలేదు. ఇంటికి వచ్చిన కూలి కూడ తక్కువే. నాయకత్వమును గూర్చి మాట్లాడటము తేలిక గాని, అత్తగారు అలిగిన ఇంట్లో వారము రోజులు తిరగటము ఎంత కష్టమో మన ఇళ్లలోని ఆడబిడ్డలకు తెలుసు. ఇంతకూ ఆమె మా సంఘ కమిటీలో లేదు. ఉండవలసినదని మా అభిప్రాయము.

సంఘములోనూ ఇటువంటివి ఉంటాయి. కోత పండుగ వేలములో పెద్దమనిషి మొదట పాట పాడితే మిగిలినవారు మొహమాటముతో నోరు మూసుకుంటారు. గుమ్మడికాయ ఆయనకు చవకగా పోతుంది, నష్టము దేవుని కానుకకు. పెద్దలు ఆఖరున పాడటమే మేలు.

ఇక మా మధ్య ఒక పెద్దాయన సంగతి. పక్క చేని రైతు మన సంఘమువాడు కాదు. వానలు లేక, బోరు ఎండిపోయి, కూతురి పెండ్లికని మూడెకరాలు అమ్మజూపినాడు. పెద్దాయన చేతిలో అప్పుడు చెనక్కాయల డబ్బున్నది. గట్టు కలిసిన చేను, అడిగిన ధర తక్కువ. ఇంట్లో అందరూ తీసుకొమ్మన్నారు. ఆయన పోయి, “అన్నా, ఇప్పుడు అమ్మితే సగము ధర కూడ రాదు. నాకూ అమ్మొద్దు, ఇంకొకరికీ అమ్మొద్దు” అని చెప్పి, పెండ్లికి కావలసినదానిలో సగము వడ్డీ లేకుండా ఇచ్చి వచ్చినాడు.

తరువాత పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. 2019లో కార్లు తయారై బయటికి రావటము మొదలైంది. చుట్టుపక్కల భూముల ధరలు ఎక్కడికో పోయినవి. పెద్దాయన కొడుకులు ఇప్పటికీ ఆ మూడెకరాల లెక్క వేసి చూపిస్తారు. వాళ్లది తప్పని మేము అనలేము. ఇద్దరికీ ఎదిగిన పిల్లలున్నారు, ఒకరు కూలికి బెంగళూరు పోయి వస్తుంటాడు. పెద్దాయన వాళ్లతో వాదించడు. చేను ఇంకా ఆ రైతు పేరునే ఉన్నది.

బాకీ కొంత తీరలేదు. ఈయన అడగడు. ఆ రైతు మాత్రము ప్రతి సుగ్గికీ ఒక మూట చెనక్కాయలు మోసుకొని వచ్చి వసారాలో దించుతాడు. వడ్డీ వద్దన్నాను కదా అంటే, ఇది వడ్డీ కాదంటాడు. పోయిన సుగ్గికి పెద్దాయన ఇంట్లో లేడు. ఆ మూట దింపుకొని, చెంబుతో నీళ్లిచ్చి కూర్చోబెట్టినది పెద్ద కొడుకే.