సగం ధర తల్వార్

2,315 బంగారు నాణేలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో, మూడో ఎడిషన్ పుస్తకం లెక్కన, అన్నిటికంటే చిన్న మాయా తల్వార్ బజారు ఖరీదు ఇది. ఉత్త తల్వార్‌కి 15, ఉస్తాద్ పనితనానికి 300, లోపలికి దింపిన జాదూకి 2,000. జాదూ రెండో మెట్టుదైతే ఆ రెండు వేలు కాస్తా 8,000 అవుతుంది, మూడో మెట్టుకి 18,000, ఐదో మెట్టుకి 50,000. బంగారం షాపులో కూడా రేటు ఇంత సాఫ్‌గా రాసి పెట్టరు.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన ఆట ఇది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూచుంటారు. ఒకరు దాస్తాన్‌గో లాగా కథ నడుపుతుంటే, మిగతావాళ్లు ఆ కథలో ఒక్కో మనిషై, ఏం చేస్తారో నోటితో చెప్పి పాచికలు వేస్తారు. మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. ఆదివారాలు దోస్తులతో ఆడుతుంది. దాని పాత్ర ఒక మంత్రగత్తె. భూతాలతో కొట్లాట దానికి ఇష్టం లేదు. తల్వార్లు చేసి, అమ్ముకుని, హలాల్‌గా బతుకుదామని ఉద్దేశం. దోస్త్ ఒకమ్మాయికి ఎవరో ఇచ్చిన పాత పుస్తకాలు దొరికితే మూడో ఎడిషన్‌తోనే మొదలుపెట్టారు.

ఒక రాత్రి కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "అబ్బా, జరా దేఖో. హిసాబ్‌లో ఎక్కడ తప్పు చేశాను?"

తప్పేం లేదు. జాదూ దింపడానికి అయ్యే సామాను ఖర్చు బజారు ధరలో సగం, అంటే 1,000. మంచి తల్వార్ కొనడానికి 315. మొత్తం 1,315. పని రెండు రోజులు. తీరా అమ్మబోతే పుస్తకం చెప్పేది ఏమిటంటే, ఆటగాడు ఏది అమ్మినా సగం ధరే వస్తుంది. 1,157 బంగారు నాణేలు, 5 వెండివి. రెండు రోజులు మెహనత్ చేసి, ఎదురు 157 బంగారు నాణేలు, 5 వెండి నాణేలు చేతి నుంచి వేసుకోవాలన్నమాట. తల్వార్ కూడా తనే కాల్చి కొట్టుకుంటే ఇనుము ఖర్చు మూడో వంతుకి దిగి, యాభై రెండున్నర నాణేల నఫా కనిపిస్తుంది. కాకపోతే ఆ పనికి వారాలు పడుతుంది.

ఇంకోటి ఉంది. జాదూ చేసిన ప్రతిసారీ తయారుచేసినవాడి అనుభవం పాయింట్లు ఖర్చవుతాయి, ఖరీదులో ఇరవై అయిదో వంతు. ఈ తల్వార్‌కి 80. అనుభవం అంటే ఆ ఆటలో మనిషి ఎదుగుదల, వాడి ఉమర్ కమాయి. అది కరిగించి ఇనుములో పోయాలి.

"మై కారీగర్ హూఁ యా బేవకూఫ్?" అనడిగింది.

ఆట రాసినవాళ్లు హిసాబ్ రానివాళ్లేం కాదు. తల్వార్లు చేసి అమ్మితే లాభం వస్తుందంటే ఏ ఆటగాడూ గుహల్లోకి పోడు. గల్లాపెట్టె ముందు కూచుంటాడు, కథ అక్కడే ఖతం. మొదటి రోజుల్లో అయితే గుహలోంచి తెచ్చిన బంగారమే అనుభవంగా మారేది. గైగాక్స్ 1978 నాటి పుస్తకంలో ధరలు ఎందుకంత ఎక్కువో చెప్పడానికి బంగారం దొరికిన కాలంలోని అలాస్కా ఊళ్లను మిసాల్‌గా తెచ్చాడు. సాహసవీరులు తిరిగే ఊళ్లో డబ్బు పొంగుతుంటుంది కాబట్టి గుడ్డు కూడా బంగారం ధర పలుకుతుందని ఆయన దలీల్. బాగుంది. కానీ ఆ దలీల్ కొనేవాడి వైపు నుంచి చెప్పింది. అదే ఊళ్లో గుడ్లు అమ్మే ముసలమ్మకి ఎంత మిగిలిందో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

మా అమ్మీ కార్చోబ్ పని చేసేది. పాతబస్తీలో మా ఇంట్లో మంచం వేయడానికి జాగా ఉండేది కాదు గానీ అడ్డా వేయడానికి ఉండేది. నాలుగు చెక్కల మీద బట్ట బిగించి, ఇటు అమ్మీ, అటు ఖాలా, మధ్యలో బల్బు. జరీ, దబ్కా, సితారా అన్నీ డబ్బాల్లో తూకం వేసి ఇచ్చేవాడు కాంట్రాక్టర్. మిగిలింది మళ్లీ తూకం వేసి తీసుకుపోయేవాడు. ఒక దుపట్టాకి తొమ్మిది పది రోజులు పట్టేది. మజూరీ అరవై రూపాయలు. ఒకసారి నేను అమ్మీతో బజారుకి పోయినప్పుడు అలాంటిదే షోకేసులో ఏడు వందల చీటీతో కనిపించింది. అమ్మీ ఆగి చూసింది. ధర వైపు కాదు, అంచు కుట్టు వైపు. "ఏ టాంకా మేరా నై" అని ముందుకి నడిచింది.

ఆటలో 80 పాయింట్ల సంగతి మా అమ్మాయి చెప్పినప్పుడు నాకు ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందో చెప్పక్కర్లేదు. నలభై అయిదు దాటేసరికి అమ్మీకి సూదిలో దారం ఎక్కేది కాదు. బడి నుంచి రాగానే పది సూదుల్లో దారం ఎక్కించి పెట్టడం నా పని. కళ్లు మజూరీలో కలిపి ఇచ్చేసినట్టే. ఆటలో ఒక షరతు మాత్రం రహమ్‌తో రాశారు, స్థాయి పడిపోయేంత అనుభవాన్ని ఎవరూ ఖర్చుపెట్టకూడదు. అడ్డా దగ్గర అలాంటి షరతేమీ ఉండేది కాదు.

అదే పుస్తకాల మీద కట్టి 2009లో పాత్‌ఫైండర్ అనే ఆట వచ్చింది. అందులో అనుభవం కోత తీసేశారు. సామాను ఖర్చు సగం, అమ్మకం సగం, అలాగే ఉంచారు. అంటే పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. దీన్ని ఇన్సాఫ్ అనాలా?

మిగతా ఎడిషన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్‌లో పాత మాయా వస్తువు అమ్మితే అయిదో వంతే వచ్చేది. కబాడీవాలా నయం. 2014 నాటి అయిదో ఎడిషన్‌లో రోజుకి 25 నాణేల పనే సాగుతుందని రాశారు. అన్నిటికంటే గొప్ప వస్తువు చేయడానికి 5,00,000. భాగించి చూడండి, 20,000 రోజులు, దాదాపు 55 ఏళ్లు. షాగిర్ద్‌గా చేరినవాడు అదొక్కటి ముగించి ఖబరస్తాన్‌కి పోవాలి. అందులోనే గాయం మాన్పే చిన్న సీసా ఖరీదు 50 బంగారు నాణేలు. పని రాని కూలీకి రోజుకి 2 వెండి. పది వెండికి ఒక బంగారం, కాబట్టి ఒక్క సీసా అంటే 250 రోజుల కూలి. ఆ ఊళ్లో పేదవాడి గాయం ఎలా మానుతుందో, ఆటగాళ్లలో ఎవరూ అడిగి ఉండరు.

నేను ఉర్దూ మీడియం వాణ్ని. మాయా వస్తువులు నాకు అమెరికా నుంచి రాలేదు. పిల్లల కోసం కుదించిన అమీర్ హమ్జా దాస్తాన్ చదివి పెరిగాను. 1883 నుంచి లక్నో నవల్ కిషోర్ ప్రెస్ అచ్చువేసిన తిలిస్మ్-ఎ-హోష్‌రుబా పెద్ద సంపుటాలు చూసింది చాలా తర్వాత. అందులో అమర్ అయ్యార్ దగ్గర ఒక జంబీల్ ఉంటుంది. ఎంత వేసినా నిండని సంచీ. ఊళ్లకి ఊళ్లు అందులో పడతాయి. ఈ ఆటలోనూ అలాంటి సంచీ ఉంది, బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్. దానికి మూడో ఎడిషన్‌లో రేటు ఉంది, చిన్న సైజు 2,500. జంబీల్‌కి రేటు లేదు. అది బుజుర్గుల నుంచి దక్కిన తోఫా. తమాషా ఏమిటంటే అమర్ అంత లాలచీ మనిషి ఉర్దూ కథల్లో ఇంకొకడు లేడు. పైసా కనిపిస్తే వదలడు, చేసిన ప్రతి పనికీ ఇనామ్ వసూలు చేస్తాడు. అలాంటివాడు కూడా జంబీల్‌ని అమ్మకానికి పెట్టడు. ఇది చెబితే మా అమ్మాయి, "మరి ఆ జంబీల్ కుట్టింది ఎవరు అబ్బా?" అంది. దాస్తాన్‌లో ఆ దర్జీ పేరు నాకు ఎక్కడా తగల్లేదు.

ఇప్పుడు వాళ్లు అయిదో ఎడిషన్‌కి, అందులోనూ 2017లో వచ్చిన జనాథర్స్ గైడ్ అనే పుస్తకానికి మారారు. అందులో అదే చిన్న తల్వార్‌కి సామాను 200, పని రెండు వారాలు, అసలు ధర 400. ముందు ఏదో జంతువు దగ్గర్నుంచి అరుదైన సామాను తెచ్చుకోవాలి, గుహ తప్పదు. అమ్మడానికి ఒక వారం తిరగాలి, నలుగురికీ తెలియడానికి 25 నాణేలు ఖర్చు. ఆ తర్వాత పాచిక. పది లోపు పడితే సగం ధర, అంటే పాతికకి నష్టం. పదకొండు నుంచి ఇరవై దాకా పూర్తి ధర. ఇరవై దాటితే ఒకటిన్నర రెట్లు, 600. ఆ పాచికకి కలిపేది కారీగర్ హునర్ కాదు. మాటకారితనం. తల్వార్ ఎంత బాగా కుదిరినా లెక్కలోకి రాదు. బేరం నచ్చకపోతే అమ్మనని లేచి రావచ్చు, ఆ వారం మాత్రం పోతుంది.

మా అమ్మాయి పాత్రకి మాటకారితనం అస్సలు లేదు. అందుకని జట్టులో పాటలు పాడుకునే దోస్త్‌ని అమ్మకానికి పంపుతోంది. ఆ పిల్ల నాలుగో వంతు కమీషన్ అడిగింది. మావాళ్లు పదో వంతు అన్నారు. నేను ఇద్దరినీ కూచోబెట్టి, కమీషన్ మజూరీ తీసిన తర్వాత మిగిలినదాంట్లోంచే ఇవ్వాలని చెప్పాను. అయితే మజూరీ ఎంత అని ఆ పిల్ల అడిగింది. నైపుణ్యం ఉన్న పనివాడికి పుస్తకంలో రోజుకి 2 బంగారు నాణేలు రాసి ఉంది, రెండు వారాలంటే పది పనిరోజులు, 20 నాణేలు. ఆ లైను ముందు రాయమన్నాను.