మోర్ధానా దాకా మూడు రోజులు

సంక్రాంతి వెళ్ళిన రెండో వారంలో మేము ఎనిమిదిమందిమి ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని బెంగళూరు నుంచి గుడియాత్తం వెళ్ళొచ్చాం. ఎనభై నాలుగేళ్ళ మా అవ్వ, నాన్న, అత్త, మేము అక్కచెల్లెళ్ళు అన్నదమ్ములు నలుగురం, మా అక్క కూతురు. అందరం కలిసి చేసిన ప్రయాణం కాబట్టి ఇది అందరి తరఫునా రాస్తున్నాం.

రెండేళ్ళ కింద ఒక ట్రావెల్స్ వాళ్ళతో తమిళనాడు యాత్రకు పోయాం. మూడు రోజులకి పదకొండు గుళ్ళు. ఆ యాత్ర నుంచి తిరిగొచ్చాక అవ్వ అన్న మాట ఇంకా మా ఇంట్లో నవ్వులకి పనికొస్తుంది: "గుళ్ళు చూసినామో, గుళ్ళ ముందర చెప్పులు చూసినామో నాకు తెలీదురా!" అందుకే ఈసారి గుడియాత్తంలో ఉండే మామని అడిగాం. ఆయన అవ్వకి అన్న కొడుకు, హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. ఫోన్‌లోనే షరతు పెట్టేశాడు. "రోజుకి ఒక్క చోటు. రెండో చోటు అడిగితే నేను రాను. ఎక్కడికి పోయినా ముందు గంటసేపు కూర్చోవాల, ఆ తర్వాతే ఫోన్లు తియ్యాల." సరే అన్నాం. మూడో రోజు మాత్రం మోర్ధానా అని మేమే అడిగాం. అవ్వ పుట్టింది ఆ పక్క పల్లెలోనే. ఫోన్‌లో మామ కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత "అత్త సరే అంటే పోదాం" అన్నాడు.

మా ఇంటి చరిత్రలో మోర్ధానాకి ఒక వాక్యం ఉంది. అవ్వ చెప్పిందే, మేమే రాసుకున్నాం. "అవ్వ పుట్టింటివాళ్ళ రెండెకరాల చేను, రాతి బావి మోర్ధానా డ్యాము నీళ్ళలో పోయాయి." పెళ్ళిళ్ళకి, చావులకి అవ్వ గుడియాత్తం దాకా వచ్చేది గానీ ఊరికి మాత్రం పోయేది కాదు. పోదామంటే "చూసేదానికేముంది, అంతా నీళ్ళే" అనేది.

బెంగళూరు నుంచి హైవే పట్టుకుంటే మూడున్నర, నాలుగు గంటల దారి. మామ మాట ప్రకారం మేము కె.జి.ఎఫ్. మీదుగా చుట్టు తిరిగి పోయాం. మా తాత బంగారు గనుల్లో భూమి లోపల పని చేసిన మనిషి. నాన్న పుట్టింది, మేము కన్నడ మీడియంలో చదువుకున్నది అక్కడే. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి, తర్వాత అందరమూ బెంగళూరు చేరాం. బేతమంగల చెరువు దగ్గర బండి ఆపించాడు నాన్న. పాలారు మీద కట్టిన ఈ చెరువు నీళ్ళే పైపుల్లో కె.జి.ఎఫ్.కి వచ్చేవి. అవ్వ గట్టు మీద కూర్చుని, "ఈ ఏరు కూడా మా దిక్కుకే పోతాది" అంది. నిజమే. పాలారు కర్ణాటకలో పుట్టి, కుప్పం దగ్గర కొంతదూరం ఆంధ్రాలో పారి, తమిళనాట వాణియంబాడి, ఆంబూరు, వేలూరు మీదుగా సముద్రానికి పోతుంది. మోర్ధానా మీదుగా వచ్చే కౌండిన్య నది కూడా చివరికి కలిసేది పాలారులోనే.

వి.కోటలో "తిండి తిందామా" అన్నాం. హోటలాయన భోజనం ఇంకా కాలేదన్నాడు. కోలారు దిక్కున మాకు తిండి అంటే పొద్దున టిఫిను. కన్నడంలోంచి మా తెలుగులోకి వచ్చి కూర్చున్న మాట అని అప్పుడు తెలిసింది. ఘాట్ రోడ్డు దిగి పేర్ణాంబట్టు చేరేసరికి బోర్డులన్నీ అరవంలోకి మారిపోయాయి, ఒక్క అక్షరం చదవలేం. కానీ టీ కొట్టు దగ్గర ఇద్దరు ముసలాళ్ళు మాట్లాడుకుంటున్నది తెలుగే. ఒక్క పొద్దున్నే మూడు రాష్ట్రాలు దాటాం, మాట మాత్రం పూర్తిగా మారలేదు.

రాత్రి మామ ఇంటి మిద్దె మీద రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి పెట్టారు. గుడియాత్తం లుంగీలకి, అగ్గిపెట్టెలకి పేరున్న ఊరు. 1954లో కామరాజు ముఖ్యమంత్రి అయ్యాక ఉప ఎన్నికలో గెలిచింది ఇక్కడినుంచే. ఊరి మధ్యలో కౌండిన్య నది, ఒడ్డున గంగమ్మ గుడి. వైకాశి నెల మొదటి రోజున, అంటే మే నెల మధ్యలో, అమ్మవారి శిరస్సుని ఊరేగించి తెచ్చి మొండేనికి అమరుస్తారు. రేణుక తల ఒకరిది, ఒళ్ళు ఇంకొకరిది అయిన కథ అవ్వ మా అక్క కూతురికి చెప్పింది. "తిరుపతి గంగమ్మ జాతర కూడా ఆ రోజుల్లోనే" అన్నాడు మామ. "1911లో చిత్తూరు జిల్లా విడిపోయేదాకా ఇదంతా ఉత్తర ఆర్కాటు. జిల్లా కచేరీ చిత్తూరులోనే ఉండేది. గీతలు తర్వాత గీసినారు, అమ్మవారు అంతకుముందే ఉంది."

మాటల మధ్యలో వాళ్ళ నాన్న సంగతి వచ్చింది. పల్లె వదిలి గుడియాత్తం వచ్చి మగ్గం కూలికి కుదిరాడట. ఎప్పుడు మామా అంటే, "డెబ్భై నాలుగులో, నేను ఐదో క్లాసు" అన్నాడు. మాలో ఒకరు చేసే ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. రెండు తేదీలు సరిపోకపోతే వదిలిపెట్టలేని అలవాటు అది. డ్యాము కట్టింది 2000 ప్రాంతాల్లో. దానికి పాతికేళ్ళ ముందే చేను వదిలేసి పోవడమేమిటి? అడగబోతే మామ అవ్వ వైపు ఒకసారి చూసి, "పొద్దున పెందలాడే లేవాల, పడుకోండి" అన్నాడు.

రెండో రోజు వేలూరు కోట, అదొక్కటే. అవ్వకి అది ఇప్పటికీ రాయవేలూరే. పదహారో శతాబ్దంలో విజయనగర రాజుల కింద చినబొమ్మినాయకుడు కట్టించిన కోట, 133 ఎకరాలు, చుట్టూ కందకం. మామ ముందుగా జలకంఠేశ్వరుడి గుళ్ళో కల్యాణ మంటపం ఎదుట కూర్చోబెట్టాడు. అరగంట అయ్యాక గానీ మాకు ఆ స్తంభాల మీద గుర్రాలు, వాటి కాళ్ళ కింద మనుషులు, చిలకలు ఒక్కొక్కటిగా కనిపించలేదు. ఈ మంటపాన్ని ఇంగ్లీషువాళ్ళు ఆయుధాగారంగా వాడుకున్నారు. దాదాపు నాలుగు వందల ఏళ్ళు గుళ్ళో మూలవిరాట్టు లేదు, 1981లో మళ్ళీ ప్రతిష్ఠించారు.

ఇదే కోటలో 1614లో అరవీటి శ్రీరంగరాయలనీ అతని కుటుంబాన్నీ జగ్గరాయలు చంపించాడు. ఒక్క చిన్న కొడుకు, రామదేవుడు, బట్టలుతికే మనిషి సాయంతో బయటపడ్డాడు. చెట్టు కింద కూర్చుని మామ ఇది చెప్తుంటే మా అక్క కూతురు ఆ మూట ఎంత పెద్దదై ఉంటుందని అడిగింది. "నీ అంత పిల్లాడు పట్టేంత" అన్నాడు మామ.

మేము బళ్ళో టిప్పు సుల్తాను పాఠం కన్నడంలో చదివాం. 1799, శ్రీరంగపట్టణం, అక్కడితో పాఠం అయిపోయింది. ఆయన పిల్లల్ని తెచ్చి ఈ కోటలోనే ఉంచారని మాకెవరూ చెప్పలేదు. 1806 జూలై 9న ఇక్కడ టిప్పు కూతురి పెళ్ళి. ఆ తెల్లవారుజామునే, అంటే 10వ తేదీన, సిపాయిలు తిరగబడ్డారు. కొత్త తలపాగా, నుదుటి బొట్టు, గడ్డం మీద పెట్టిన ఆంక్షలు వాళ్ళని రగిలించాయి. ఆర్కాటు నుంచి వచ్చిన దళం ఆ రోజే అణచివేసింది. తర్వాత టిప్పు కుటుంబాన్ని కలకత్తాకి తరలించారు. సింహళంలో క్యాండీకి చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడూ ఇక్కడ ఖైదీయే. తెలుగు మూలాలున్న నాయక వంశం వాడు. 1815లో పట్టుబడి, మరుసటేడు ఇక్కడికి వచ్చి, 1832లో ఇక్కడే పోయాడు. ఆయన సమాధి పాలారు ఒడ్డున ఉంది. అది రెండో చోటు అవుతుందని మామ తీసుకుపోలేదు.

మధ్యాహ్నం కందకం పక్కన నీడలో అవ్వ మమ్మల్ని దాటుకుని సరాసరి పోయి ఒక చోట కూర్చుంది. తెలిసిన చోటికి పోయినట్టు పోయింది. "నువ్వు ముందే వచ్చినావా అవ్వా?" అన్నాం. "మీ తాత ఈ ఊళ్ళో ఆసుపత్రిలో ఉన్నప్పుడు రెండు నెల్లున్నా. లోపలికి ఇడిసే టైము దాకా ఈడ కూర్చునేదాన్ని" అంది. తాత ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడని మాకు తెలుసు. వేలూరు సంగతి మాత్రం నాన్నకి కూడా లీలగానే గుర్తు. ఇంకేమీ చెప్పలేదు, మేమూ అడగలేదు. మామ మాత్రం నీళ్ళ సీసా మూత తీసి ఆమె చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు.

మూడో రోజు పొద్దున మోర్ధానా. గుడియాత్తం నుంచి గంట లోపు దారి. రెండు పక్కలా చెనక్కాయ చేన్లు, మామిడి తోటలు, ఎదురుగా ఆంధ్రా కొండలు. ఆ కొండల మీదే కౌండిన్య అభయారణ్యం, 1990లో ఏర్పడింది, ఏనుగులకి పేరు. పైన పలమనేరు దిక్కున వాన పడితే ఇక్కడ డ్యాము నిండుతుంది. పూర్తి నీటిమట్టం 11.5 మీటర్లు, పట్టేది 261 మిలియన్ ఘనపుటడుగులు. కుడి, ఎడమ కాలువలు చెరువుల్ని నింపుతాయి. మేము పోయినప్పుడు నీళ్ళు బాగానే ఉన్నాయి.

షరతు ప్రకారం గట్టు మీద కూర్చున్నాం. ముందు అనుకున్న ప్రకారమైతే నీళ్ళ ముందు అవ్వని నిలబెట్టి ఒక ఫోటో తీసుకోవాలి, కింద "మా చేను ఇక్కడే" అని రాసుకోవాలి. పది నిమిషాల పని అది. గంటసేపు కూర్చునేసరికి అవ్వే తట్టుకోలేకపోయింది.

"ఇది కాదురా" అంది.

"ఏది కాదు?"

"మన చేను దీంట్లో లేదు. కిందుంది. వచ్చేటప్పుడు దాటినాం, చింతమాను దగ్గర."

ఎవరమూ మాట్లాడలేదు. అవ్వ నీళ్ళ వైపే చూస్తూ చెప్పింది. తాతకి జబ్బు ముదిరినప్పుడు చేతిలో పైసా లేక అన్న దగ్గరికి వచ్చిందట. అన్న మూడు రోజులు ఏమీ అనలేదట. నాలుగో రోజు చేను అమ్మి డబ్బు గుడ్డలో కట్టి ఇచ్చాడట. వేలూరులో రెండు నెలలు ఆ డబ్బుతోనే గడిచింది. మనిషి దక్కలేదు. "చేనూ పాయ, మనిషీ పాయ. ఇంక ఏ మొగం పెట్టుకోని ఊళ్ళోకి వచ్చేది? డ్యాము కట్టినారని విన్నాక, అడిగినోళ్ళకంతా నీళ్ళలో పోయిందని చెప్తా వచ్చినా. నీళ్ళని అడిగేవాళ్ళెవరు?"

తిరుగు దారిలో చింతచెట్టు దగ్గర దిగాం. చెనక్కాయ పంట, మూలన రాతి బావి, కరెంటు మోటరు. కలుపు తీస్తున్న ఆమె తలెత్తి "యా ఊరు మీది? రాండి, కూర్చోండి" అని తెలుగులోనే పిలిచింది. అవ్వ "ఈ ఊరే" అంది. ఆమె ఇంకేమీ అడగకుండా నాలుగు మొక్కలు పీకి, మట్టి దులిపి, పచ్చి చెనక్కాయలు మా చేతుల్లో పెట్టింది.

అవ్వ బావి అంచున కూర్చుని మామని అడిగింది. "మీ నాయన నన్ను తిట్టుకున్నాడా రా?"

మామ కాయ ఒలుస్తూ చెప్పాడు. "ఈ చేను పేరు మా ఇంట్లో ఎత్తలేదత్తా. మంచికీ ఎత్తలేదు, చెడ్డకీ ఎత్తలేదు. మగ్గం పని ఆయనకి కష్టంగానే ఉండేది, లేదని చెప్పను. కానీ ఒకటి. చేను ఉండుంటే నన్ను మడక పట్టించేవాడు. లేదు కాబట్టి బడికి పంపించినాడు."

అవ్వ చాలాసేపు బావిలోకి చూసింది. తర్వాత "నీళ్ళు బాగానే ఊరతా ఉండాయి" అంది, అంతే.

మామకి ఇదంతా ముందే తెలుసు. ఎందుకు చెప్పలేదంటే, "అది అత్త చెప్పాల్సిన మాట. నేను చెయ్యగలిగింది అత్తని కూర్చోబెట్టడం" అన్నాడు. ఊళ్ళు చూపించేవాళ్ళని మేము చాలామందిని చూశాం. ఊరు చూపించి, పక్కకి తప్పుకుని ఊరుకున్నవాణ్ణి మామనొక్కడినే చూశాం.

బెంగళూరు వచ్చాక ఇంటి చరిత్రలో ఆ వాక్యం దిద్దాలా వద్దా అని మాలో మాకే వాదన. పెద్దామె గుట్టు, ఉండనిద్దాం అన్నారు కొందరు. చివరికి అవ్వనే అడిగాం. పొయ్యి దగ్గర పనిలో ఉంది, తిరిగి కూడా చూడకుండా చెప్పింది. "రాసుకోండి. చేను నీళ్ళలో పోలేదు, మీ తాత మందులకి పోయిందని రాయండి. అమ్మి ఇచ్చింది మా అన్నని ఆయన పేరు కూడా రాయండి. ఆయన పేరు యాడా లేదు మీ పుస్తకంలో."

ఆ సాయంత్రమే వాక్యం మార్చాం. తాతముత్తాతల పట్టీలో ఆ పెద్దాయన పేరు చేర్చాం. ఇంతకాలం మేము చూసుకోలేదు గానీ ఆ పట్టీలో అవ్వ పుట్టింటి దిక్కు మొత్తం ఖాళీ. వచ్చే మే నెలలో గంగమ్మ జాతరకి మామ మళ్ళీ రమ్మన్నాడు. షరతు మారలేదు, రోజుకి ఒక్క చోటే. ఈసారి అవ్వే ముందుగా సరేనంది.